దేనికన్న బెటర్?

నర్మెట్ట, తరిగొప్పుల, జనగామ దిక్కు ఉండేవాళ్లకు నా మొదటి సలహా ఇది. ఈ వానాకాలం నుంచి వచ్చే వానాకాలం దాకా ‘బెటర్’ అనే మాట నోట రానీయకండి. మాట్లాడుతుంటే తడబడతారు, ఎదుటివాళ్లు విసుక్కుంటారు, బ్యాంకులో కూర్చున్నవాళ్లు మీకు ఇంగ్లిష్ రాదనుకుంటారు. అనుకోనీయండి. రెండో సలహా ఇంకా కటువైనది. మీ ముందు ఎవరు ‘బెటర్’ అన్నా, ఆయన మేనమామ కానీ, సర్పంచ్ కానీ, డాక్టర్ కానీ, వెంటనే ‘దేనికన్న?’ అని అడగండి. మర్యాద తప్పినట్టుంటుంది. అయినా అడగాలి.

తెలుగులో ‘మంచి’ అనే మాట ఎన్నిటితో పోల్చినా ‘మంచి’గానే ఉంటుంది. ఇంగ్లిష్‌లో గుడ్ కాస్తా బెటర్ అయినట్టు మారదు. పోలిక బరువంతా ‘కంటె’, ‘కన్న’ మోస్తాయి. వలనన్, కంటెన్, పట్టి అని బడిలో వల్లించిన పంచమీ విభక్తిలోని కంటెన్ అదే. దేనికంటె అన్నది చెప్పకపోతే మన భాషలో పోలికే పుట్టదు. ‘బెటర్’ వచ్చాక ఆ సగం చెప్పకుండానే వాక్యం ముగించడం అలవాటైంది. ఆ చెప్పని సగంలోనే మన డబ్బూ మన ఆరోగ్యమూ ఉన్నాయి కనుక నాకింత పట్టుదల.

దాని బదులు ఏమనాలి? పర్యాయపదాల పట్టిక అడగకండి, ఇవ్వను. పట్టికలో నయం, మేలు, మెరుగు ఒకదాని పక్కన ఒకటి ఒకే అర్థంతో కూర్చుంటాయి. ఊళ్లో అవి ఒకటి కావు. నయం ఎప్పుడూ చెడ్డదాన్ని చూసి పలికే మాట. గుడ్డికన్నా మెల్ల నయం అన్నప్పుడు మెల్ల బాగుందని ఎవరూ అనుకోరు. ‘ఇంకా నయం, బండి మీద పడలే’ అన్నప్పుడు జరగని చెడుతో పోలుస్తున్నాం. మేలు రెండు దారులు ఎదురుగా ఉన్నప్పుడు వాడేది. ఒకటి పట్టుకుంటే ఇంకొకటి వదలాలి. మెరుగు అసలు అర్థం తళుకు. పెంబర్తి ఇత్తడి పనిలో రేకుకు మెరుగు పెడితే రేకు అదే, నిన్నటికన్న ఇవాళ మెరుస్తుంది. అందుకే మెరుగుపడటమంటే తన నిన్నటితో తనను పోల్చుకోవడం. చెడుతో పోలిస్తే నయం, పక్కదానితో పోలిస్తే మేలు, తన నిన్నటితో పోలిస్తే మెరుగు. ఈ మూడింటినీ ‘బెటర్’ ఒక్కటే మింగేసింది.

నిజాం కాలంలో ఉర్దూ చదువుకున్న పెద్దలకు ‘బెహతర్’ తెలుసు. అది ఫారసీ నుంచి వచ్చింది. బెహ్ అంటే మంచి, తర్ పోలిక ప్రత్యయం. బెటర్‌తో దాని పోలిక కాకతాళీయం, రెండూ ఒక మాట నుంచి పుట్టినవి కావు. ఆ పేరుతో నాతో వాదించకండి.

దవాఖానలో ‘ఎట్లుంది?’ అని అడిగితే ‘బెటర్ సార్’ అని లేవకండి. వెనక వరుస పెరిగినా సరే, రాత్రి ఎన్నిసార్లు ఒళ్లు కాలింది, ఎప్పుడు చెమటలు వట్టి సల్లవడ్డది, పొద్దుగాల ఎన్ని బుక్కలు తిన్నారు, అన్నీ చెప్పండి. మన మాటల్లో ‘జర నయం’ అంటే రోగం ఇంకా ఉందని, ‘నయమైంది’ అంటే పోయిందని. ‘బెటర్’ అంటే ఈ రెంటిలో ఏదో అన్నవాళ్లకే తెలియాలి. క్షయ మందులు మామూలుగా 6 నెలలు మింగాలి. మొదటి కొన్ని వారాల్లోనే దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, మనిషి బెటర్ అంటాడు, మాత్రలు ఆపేస్తాడు. మిగిలిన క్రిములు మందుకు లొంగనివిగా తయారయ్యే ప్రమాదం అక్కడే ఉంది. ఇంట్లో ఎవరైనా ఆ మందులు వాడుతుంటే ఆ 6 నెలలూ ‘బెటర్’ అనే మాటను గడప దాటనీయకండి. జర నయం అనండి చాలు.

విత్తనాల దుకాణంలో మొహమాటం అసలే వద్దు. ‘ఈ రకం బెటర్’ అన్నాడా, ‘దేనికన్న? ఎన్ని దినాలు? ఎన్ని తడులు?’ అని నిలబడండి. తెలంగాణ సోనా, అంటే ఆర్ఎన్ఆర్ 15048, సాంబ మసూరి, అంటే బీపీటీ 5204 కన్న మేలంటే దానికి అర్థముంది: ఇది సుమారు 125 దినాల్లో కోతకొస్తుంది, సాంబ మసూరి 150 దినాల దాకా పొలంలో ఉంటుంది. బోరు ఎప్పుడు ఎండుతుందో తెలియని మన దిక్కు ఆ తేడా పంటకు ప్రాణం. పత్తి సంగతీ అంతే. బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చినప్పుడు అది కాయతొలుచు పురుగు విషయంలో మామూలు పత్తికన్న మేలు. రసం పీల్చే పురుగులకు అప్పుడూ మందు కొట్టాల్సిందే. ఆ తర్వాత గులాబీ పురుగు దానికి అలవాటుపడింది. ‘బెటర్’ మాత్రం దుకాణంలో అట్లనే ఉంది.

అమ్మేటప్పుడు ‘బెటర్ రేటు’ అన్న మాట చెవిన పడితే ఇంకా పట్టుగా ఉండండి. మనకు అగ్గువ, పిరం అని రెండు మాటలున్నాయి. పత్తి కొనేవాడికి అగ్గువ బెటర్, అమ్మే మనకు పిరం బెటర్. మరి వ్యాపారి చెప్పిన బెటర్ ఎవరిది? 2025-26కు పొడుగు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. మద్దతు ధరకు పత్తి కొనే సర్కారు సంస్థ సీసీఐ దగ్గర తేమ 8 శాతం దాకా పూర్తి ధర, ఆపైన 12 శాతం దాకా కోత. ఇంటి ముందుకొచ్చి కాంటా పెట్టేవాణ్ని తేమ, తరుగు, హమాలీ పోను చేతికెంతొస్తుందో అడగండి, ఆ లెక్క చేసేదాకా బస్తా కదలనీయకండి. బేరం పోతే పోనీ.

ఇక పిల్లలు. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం వచ్చింది, ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లిష్ ఉన్న పుస్తకాలొచ్చాయి. పిల్ల ‘మోర్ బెటర్’ అంటుంది. దిద్దకండి. టీచర్లకు కోపమొస్తుందని తెలిసే చెబుతున్నా. ఆ పిల్ల మనసులో ‘ఇంకా మంచిది’ ఉంది, ఆ ‘ఇంకా’యే ‘మోర్’ అయింది. షేక్‌స్పియర్ కాలం ఇంగ్లిష్‌లోనూ ఇట్లాంటి జంట పోలికలు మామూలే. 1762లో వ్యాకరణం రాసిన రాబర్ట్ లౌత్ వంటివాళ్లు తప్పన్నాక అవి బడి నుంచి పోయాయి. పరీక్షలో ఒక మార్కు పోతుంది, పోనీయండి. మీరు మాత్రం ‘దేనికన్న?’ అని అడగండి. ఆ పిల్ల ఇంగ్లిష్ ‘దాన్’ పట్టుకొచ్చి వాక్యం నింపితే పాఠం వచ్చినట్టే. ‘సుపీరియర్’, ‘సీనియర్’ వంటి లాటిన్ మాటల తర్వాత దాన్ కాకుండా ‘టు’ వస్తుందన్న నియమం తర్వాత దానంతటది అబ్బుతుంది.

చివరిది పెండ్లి సంబంధం. ‘ఈ పిలగాడే బెటర్’ అని పెద్దమనిషి చాయ తాగుతూ అంటాడు. ఇంటినిండా చుట్టాలుంటారు. అప్పుడే అడగండి, ‘దేనికన్న, బాపు?’ అని. ఆయన మొహం మాడుతుంది, మీ అమ్మ లోపలి నుంచి గుర్రుమంటుంది. తగ్గకండి. అప్పుడు గానీ వెనకకు పోయిన ఇంకో సంబంధం సంగతి, అది ఎందుకు పోయిందో, ఈ పిలగాడి మీద అప్పు ఎంతుందో ఆయన నోట రాదు.