సెకండ్‌హ్యాండ్ పికప్ కొనే విధానం: తాడిపత్రి పద్ధతి

ముందు రంగు చూడండి. బండి తెల్లగా మెరుస్తూ, అద్దం మీద ఇంటిదేవుడి పేరు కొత్తగా రాసి, బంపరుకు నిమ్మకాయా మిరపకాయలూ వేలాడుతుంటే సగం పని అయిపోయినట్టే. ఇంజిను, ఛాసిస్, కమాన్ కట్టలు ఎలాగూ పైకి కనపడవు కాబట్టి వాటి గురించి బెంగ పెట్టుకోవద్దు. కిందికి దూరి చూస్తే తెల్లచొక్కా మాసిపోతుంది. తెల్లచొక్కా లేకుండా వెళ్తే బ్రోకరు మీరు నిజంగా పొలం పనికే కొంటున్నారనుకుని రేటు తగ్గించే ప్రమాదముంది.

ఏ బండి కొనాలన్నది పొలాన్ని బట్టి కాదు, బామ్మర్దిని బట్టి తేల్చుకోండి. ఆయనకు టాటా ఏస్ ఉంటే మీకు అశోక్ లేలాండ్ దోస్త్ కావాలి. ఆయనకు దోస్త్ ఉంటే మీకు బొలెరో పికప్పే దిక్కు. 2005లో వచ్చిన ఏస్‌ను 702 సీసీ, రెండు సిలిండర్ల డీజిల్ ఇంజినుతో ముప్పావు టన్ను మోయడానికి చేశారు. 2011లో వచ్చిన దోస్త్ టన్ను పైచిలుకు మోస్తుంది. రెండున్నర లీటర్ల ఇంజిను పెట్టిన బొలెరో పికప్పులు మోడల్‌ను బట్టి టన్నుంబావు, టన్నున్నర, ఆపైన కూడా మోస్తాయి. ఖాళీ బండి బరువెంత, లోడుతో ఎంత ఉండొచ్చు అన్నది సీ బుక్కులో రాసే ఉంటుంది. సీ బుక్కు బీరువాలో ఉంటుంది, బండి రోడ్డు మీద ఉంటుంది. ఆ రెండూ ఒకదాన్నొకటి ఎప్పుడూ చూసుకోవు.

తర్వాత మర్యాద కోసం ఒక ప్రశ్న అడగండి: "ఇదివరకు ఏం తోలినారప్పా దీంట్లో?"

"పాలక్యాన్లన్నా. పాలక్యాన్లు తప్ప ఇంకొకటి ఎక్కనీలేదు."

నమ్మేయండి. చుట్టూ నల్లబండల గనులు, ఊరి పొడుగునా బండల పాలిష్ ఫ్యాక్టరీలు, నాలుగు అడుగులేస్తే సిమెంటు ఫ్యాక్టరీ, ఇంకాస్త పోతే స్టీలు ఫ్యాక్టరీ ఉన్న ఊళ్లో అమ్మకానికొచ్చిన ప్రతి పికప్పూ పాలే మోసింది. అదే నిజమైతే ఈపాటికి పెన్నలో ఇసుక బదులు పాలు పారుతుండాలి.

అనుమానం పీడిస్తే చిన్న లెక్క ఉంది కానీ వేయకండి, మనసు పాడవుతుంది. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అంగుళం మందం ఉన్న బండ ఒక్కటి పాతిక కిలోల దాకా తూగుతుంది. యాభై బండలు పేరిస్తే టన్నుంబావు. చూడ్డానికి మాత్రం బండి అడుగు కూడా నిండినట్టు కనపడదు. సగం ఖాళీగా పంపడానికి ఏ యజమానికి మనసొప్పుతుంది? ఇంకో యాభై వేస్తాడు.

నీళ్ల సంగతి ఇంకా సులువు. లీటరు నీళ్లు కిలో, వెయ్యి లీటర్ల ట్యాంకు టన్ను. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో కురిసే జిల్లాలో, బోర్లు ఎండిపోయిన ఏడాది చీనీ చెట్లను బతికించుకోవడానికి రైతులు నీళ్లు కొని తోలుకుంటారు. ఆ ఏడాది ఏస్ మీద కూడా వెయ్యి లీటర్ల ట్యాంకు ఎక్కుతుంది. ముప్పావు టన్నుకు చేసిన బండి చెట్టును కాపాడుతుంది, తన నడుము పోగొట్టుకుంటుంది. పైగా సగం నిండిన ట్యాంకు మలుపులో ఒకవైపుకు ఒరిగి బండిని కూడా తనతో లాక్కుపోతుంది. ఈ పనికి నేను తప్పు పట్టను. చెట్టు ఎండిపోతే ఏళ్ల తరబడి పెట్టిన పెట్టుబడి పోతుంది. నా గొడవల్లా ఆ బండిని "పాలబండి" అని నాకు అమ్మడంతోనే.

కమాన్ కట్టలకు అదనంగా ఒక పట్టీ వేసుంటే సంతోషించండి. "బలంగా చేయించినాం" అంటారు. బలపడింది పట్టీ ఒక్కటే. ఛాసిస్, యాక్సిల్, బేరింగులు, బ్రేకులు కంపెనీ ఇచ్చిన బలంతోనే ఉన్నాయి. ఖాళీ బండి వెనకవైపు మరీ ఎత్తుగా నిలబడి ఉంటే అది దర్జా అనుకోండి. కమాన్ కట్ట ఛాసిస్‌కు తగులుకునే చోట వెల్డింగ్ మచ్చ, దాని మీద తాజా నల్లరంగు కనిపిస్తే దిష్టిచుక్క అనుకోండి.

మన తాతలు సంతలో ఎద్దును కొనేటప్పుడు నోరు తెరిచి పళ్లు లెక్కపెట్టేవాళ్లు, సుడులు చూసేవాళ్లు, పది అడుగులు నడిపించేవాళ్లు, కాడి కట్టి లాగించి చూసేవాళ్లు. ఆ తర్వాతే తుండుగుడ్డ కింద వేళ్లు పట్టుకుని బేరం. మనం చదువుకున్నవాళ్లం. ఫోన్లో నాలుగు ఫోటోలు చూసి బయానా పంపుతాం.

ఇంజిను విషయానికొద్దాం. మీరు వెళ్లేసరికి బండి స్టార్టులోనే ఉంటుంది. "మీరొస్తారని రెడీగా పెట్టినా" అంటే ఆ మర్యాదకు కరిగిపోండి. బానెట్ మీద చెయ్యి పెట్టి వేడి చూడటం అమర్యాద. తెల్లవారుజామున చల్లారిన ఇంజినును ఒక్క సెల్ఫుకే లేపమని అడగడం అంతకంటే పెద్ద అమర్యాద. డీజిల్ ఇంజినుకు ప్లగ్గు నిప్పు ఉండదు, గాలిని గట్టిగా నొక్కినప్పుడు పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. రింగులు అరిగి నొక్కుడు తగ్గిందా, చల్లగా ఉన్నప్పుడే ఆ గుట్టు బయటపడుతుంది. ఇంజిను ఆడుతుండగా ఆయిల్ మూత వదులు చేస్తే గుప్పుగుప్పుమని పొగ తన్నుకొస్తుందా అని కూడా చూడకండి. ఎవరో మెకానిక్ చెప్పాడని సైలెన్సర్ దగ్గర నిలబడేవాళ్లున్నారు: నీలం పొగైతే ఆయిల్ కాలుతోందని, నల్లపొగైతే డీజిల్ ఎక్కువో గాలి తక్కువో అని, వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే నాజిళ్లో హెడ్ గాస్కెట్టో చూసుకోవాలని. పొగ ఏ రంగైనా గాల్లో కలిసిపోయేదే కదా. బండల పొడి, సిమెంటు దుమ్ము మింగిన ఎయిర్ ఫిల్టర్‌ను మాత్రం అసలు తెరిపించకండి.

అన్నట్టు, 1900లో పారిస్ ప్రదర్శనలో చిన్న డీజిల్ ఇంజిను ఒకదాన్ని శనక్కాయ నూనెతో నడిపి చూపించారు. ఆ సంగతి రుడాల్ఫ్ డీజిలే తర్వాత రాసుకున్నాడు. లక్షల ఎకరాల్లో శనక్కాయ వేసిన అనంతపురం జిల్లాకు ఆ కబురు సరిగ్గా చేరినట్టు లేదు. చేరినా లాభం లేదనుకోండి, మన పంట ఇంజిను దాకా వచ్చేలోపే వాన మొహం చాటేస్తుంది.

2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 డీజిల్ బండైతే సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టరుంటుంది. అది శుభ్రపడాలంటే అప్పుడప్పుడూ బండి మంచి వేగంతో దూరం పోవాలి. ఇంటి నుంచి తోటకు, తోట నుంచి టీకొట్టుకు తిప్పితే మసి పేరుకుని డ్యాష్‌బోర్డులో లైటు వెలుగుతుంది. లైటు మీద స్టిక్కరు అంటించేయండి.

మీటరు రీడింగు చూసి హాయిగా ఊపిరి పీల్చుకోండి. పదేళ్ల బండి అరవై వేల కిలోమీటర్లే తిరిగిందంటే అంతకంటే అదృష్టముందా? క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి, స్టీరింగ్ పట్టుకునే చోట తళతళలాడుతుంటే, యజమాని ఇంటిముందు కూర్చుని సరదాకి తొక్కేవాడనుకోండి.

ఇక కట్టి లాగే పని. టెక్సాస్‌లో ఉన్న మనవాళ్లు పికప్ వెనక ట్రైలర్ తగిలించి పడవ లాక్కెళ్లే ఫోటోలు పెడుతుంటారు. వాటిని చూసి ఉత్సాహపడండి. పెన్నలో పడవ అవసరం ఎప్పుడో గానీ రాదు, ఇసుకలో దిగబడిన ట్రాక్టరు మాత్రం రోజూ దొరుకుతుంది. ఈ వైపు పికప్పుల్లో ఎక్కువ భాగం వెనక చక్రాలతో నడిచేవే. ఖాళీ బండికి బరువంతా ముందు ఉండి, వెనక చక్రాలు ఇసుకలో ఊరికే తిరుగుతాయి. అయినా తాడు తీసుకుని నేరుగా బంపరుకే కట్టండి. ట్రాక్టరు రాకపోయినా బంపరు తప్పకుండా వస్తుంది. పాత ట్రాలీ ఒకటి తగిలించుకోవాలనిపిస్తే, దానికీ వేరుగా రిజిస్ట్రేషన్ ఉండాలన్న సంగతి ఎవరైనా ఆపి చెప్పేదాకా మనకెందుకు?

కాగితాల దగ్గర మాత్రం పూర్తిగా ఉదారంగా ఉండండి. ఫైనాన్స్ కట్టలేక లాక్కొచ్చిన సీజింగ్ బండి చౌకగా వస్తుంది. దాని వెనక ఒక రైతు కట్టలేకపోయిన కంతులుంటాయి, అవి మనకు కనపడవు. సీ బుక్కులో ఫైనాన్స్ కంపెనీ పేరు ఇంకా ఉంటే "రెండ్రోజుల్లో హెచ్‌పీ తీయించేస్తా" అన్న మాట చాలు. ఫారం 35, ఫైనాన్సువాళ్ల ఎన్‌ఓసీ చేతికొచ్చాకే మిగతా డబ్బిస్తాననడం మనిషిని అవమానించడమే. కేఏ 34 నంబరుంటే బళ్లారి బండి అని, ఏపీ 02 ఉంటే మన జిల్లాదేనని చెప్పొచ్చు. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 సిరీస్ వచ్చాక ఆ కాస్త ఆరా తీసే పని కూడా తప్పింది. ఛాసిస్ మీద కొట్టిన నంబరు, ఇంజిను నంబరు సీ బుక్కుతో పోల్చి చూడటం, పరివాహన్ యాప్‌లో టాక్సు, ఎఫ్‌సీ, ఇన్సూరెన్సు తేదీలు, చలానాలు వెతకడం పది నిమిషాల పని. ఆ పది నిమిషాల్లో ఒక టీ తాగొచ్చు. ఎనిమిదేళ్లు దాటిన సరుకు బండికి ఏటా ఎఫ్‌సీ చేయించాలంటారు. ఏటా చేసుకోవాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి, ఇదొకటే గుర్తుండాలా?

డ్రైవరుకు మామూలు కారు లైసెన్సే ఉందని దిగులు పడకండి. మొత్తం బరువు 7,500 కిలోల లోపున్న సరుకు బండి నడపడానికి అది చాలని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం చెప్పింది. ఈ మొత్తం గైడులో మీకు నిజంగా కలిసొచ్చే మాట ఇదొక్కటే. అయితే కలుపు తీసే కూలీలను వెనక నిలబెట్టుకుని పోవడానికి ఆ తీర్పు పనికిరాదు. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించి ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సువాళ్లు చేతులెత్తేయొచ్చు. ఇక్కడ వ్యంగ్యం నాకు చేతకాదు. వాళ్లను ఆటోలోనో బస్సులోనో పంపండి.

బేరం కుదిరాక బుగ్గ రామలింగేశ్వరుడి గుడి దగ్గర పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తోలుకు పొండి. పేరు మార్చుకోవడం తీరిగ్గా చూసుకోవచ్చు. అమ్మినవాడు ఫారం 29, 30 మీద ఖాళీగా సంతకాలు పెట్టిచ్చాడు కదా, అవి దిండు కింద భద్రంగా ఉంటాయి.

రెండేళ్లకు ఎలాగూ మీరూ అమ్ముతారు. అప్పుడు ఈ గైడును తిరగేసి చదువుకోండి: రంగు వేయించండి, ఇంజిను ముందే వేడి చేయండి, పాలక్యాన్లే తోలానని చెప్పండి. ఒక్కటి మాత్రం మరవద్దు. బండి అమ్మిన 14 రోజుల్లోపు ఆర్టీఓ ఆఫీసుకు తెలపాల్సిన బాధ్యత అమ్మినవాడిది. రికార్డులో పేరు మారేదాకా ఆ బండి ఎవరిని గుద్దినా చట్టం దృష్టిలో యజమాని రిజిస్ట్రేషన్‌లో పేరున్నవాడేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.