కవరు తీయని కాపురం

తెలుగువాళ్ళ ఇళ్ళలో యావజ్జీవ శిక్ష అనుభవిస్తున్న ఎలుగుబంట్లకు బెయిలు ఇప్పించే వకీలు ఇంతవరకు పుట్టలేదు. వాటి నేరమల్లా ఎవరో పుట్టినరోజుకి తెచ్చివ్వడం. శిక్ష మాత్రం కఠినం. హాల్లో టీవీ పక్కన షోకేసులో, రిబ్బనుతో ముడేసిన ప్లాస్టిక్ కవరులో, స్కూలు షీల్డులకీ ప్లాస్టర్ తాజ్‌మహల్‌కీ మధ్య కదలకుండా కూర్చోవాలి. ములాఖత్‌కి వచ్చిన పిల్ల అద్దానికి ముక్కు ఆనించి అడుగుతుంది.

"అమ్మా, ఒక్కసారి ఇవ్వవే!"

"ముట్టుకోకు. మాసిపోతుంది."

పిల్ల పుట్టినరోజుకి వచ్చిన బొమ్మ పిల్ల చేతికి తప్ప అందరి కళ్ళకీ అందుతుంది. చుట్టాలొస్తే చూపిస్తారు. "ఇది మా వదినగారు అమెరికా నుంచి తెచ్చింది" అంటారు. అది చైనాలో పుట్టి, అమెరికాలో అమ్ముడై, సూట్‌కేసులో ఆవకాయ ఖాళీ చేసిన చోట కూర్చుని కరీంనగర్ వచ్చింది. అంత ప్రయాణం చేసిన ప్రాణి తర్వాత పదేళ్ళలో షోకేసు పై అర నుంచి కింది అరకి మాత్రం మారింది. అదీ అటక సర్దినప్పుడు.

కవరు వెనక పెద్ద అర్థశాస్త్రమే ఉంది. కవరు తీయని బొమ్మ ఆస్తి, తీసిన బొమ్మ ఖర్చు. ఆస్తిని ఎప్పుడైనా చేతులు మార్చవచ్చు. పై ఫ్లోరు వాళ్ళ బాబు పుట్టినరోజని సాయంత్రం ఆరింటికి పిలుపొస్తే బజారుకు పరుగెత్తక్కర్లేదు. కవరు మీది దుమ్ము తడిగుడ్డతో తుడిచి, రంగు కాగితం చుడితే సరి. ఈ లెక్కన కూకట్‌పల్లిలో బయల్దేరిన గులాబీరంగు ఎలుగు మియాపూర్‌లో కొన్నాళ్ళు, ఉప్పల్‌లో కొన్నాళ్ళు, ఎల్బీనగర్‌లో కొన్నాళ్ళు కాపురం వెలగబెట్టి, చివరికి మొదట కొన్నవాళ్ళింటికే చేరుతుంది. వాళ్ళు గుర్తుపట్టరు. "ఎంత బాగుందో! ఎక్కడ కొన్నారండీ?" అని అడుగుతారు కూడా.

2021 జనవరి 1 నుంచి మన దేశంలో ఐఎస్ఐ గుర్తు లేనిదే బొమ్మలు అమ్మకూడదు. ఆ గుర్తు ఊరికే రాదు. కళ్ళూ ముక్కూ ఊడి పసివాళ్ళ గొంతులో పడతాయేమోనని లాగి చూస్తారు. కుట్లు సాగదీస్తారు. నిప్పంటుకుంటే ఎంత వేగంగా కాలుతుందో చూస్తారు. ఇన్ని గండాలు గట్టెక్కి, పిల్లల చేతుల్లో నలగడానికి పూర్తి అర్హత సంపాదించుకుని వచ్చిన అభ్యర్థికి మనమిచ్చే పోస్టింగు షోకేసు.

కవరు తెంచుకుని బయటపడ్డ ఎలుగు ఒకటి నాకు తెలుసు. మా మేనకోడలి ఇంట్లో ఉంటుంది. దాని పేరు బాబాయ్. రాజమండ్రి బాబాయ్ తెచ్చిచ్చాడు కాబట్టి పిల్ల ఆ వరసే ఖాయం చేసింది. దీనితో బంధువర్గంలో వచ్చిన చిక్కులు అన్నీ ఇన్నీ కావు. ఓసారి తెనాలి నుంచి నానమ్మ ఫోను చేసింది.

"ఏం చేస్తున్నారే బంగారం?"

"బాబాయ్‌ని వాషింగ్ మెషిన్‌లో వేశారు నానమ్మా. గిరగిరా తిరుగుతున్నాడు."

"ఎవర్నే? ముందు మీ నాన్నకి ఫోనివ్వు!"

సంగతి తెలిశాక నానమ్మ నొచ్చుకుంది. "ఆ ఎలుగుబంటికి నా కొడుకు పేరే దొరికిందిటే?"

"పేరు కాదు నానమ్మా, వరస."

బాబాయ్ దినచర్య చూస్తే ఏ ఉద్యోగస్థుడికైనా జాలేస్తుంది. పొద్దున్నే స్కూలు ఆటో దాకా వెళ్ళి పిల్లని సాగనంపాలి. పదింటికి పనమ్మాయి చీపురు పెట్టి మంచం కింద నుంచి ఈడ్చి, "ఏం బాబాయ్, రాత్రంతా ఇక్కడేనా?" అని నిలదీస్తుంది. పదకొండింటికి పిల్ల తండ్రి ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకుంటూ నడుము కింద దిండుగా వాడతాడు. ఒకరోజు వీడియో మీటింగులో ఆయన కాఫీకి లేచినప్పుడు కెమెరా ముందు మిగిలింది బాబాయ్ ఒక్కడే. ఆ పూట మీటింగులో కళ్ళార్పకుండా విన్నదీ అతనొక్కడే. సాయంత్రం వైద్యం. పిల్లకి జలుబు చేస్తే బాబాయ్‌కీ చేస్తుంది. సిరప్ మూతతో నీళ్ళు పడతారు. పథ్యంగా ఇడ్లీ పెడతారు. మూతికి అంటిన ఇడ్లీకి అర్ధరాత్రి చీమలు బారులు తీరతాయి. మర్నాడు ఎండలో పడుకోబెడతారు.

తిరుమల నుంచి వచ్చాక జరిగిన అఘాయిత్యం మాత్రం మర్చిపోలేం. పిల్లకి కల్యాణకట్టలో గుండు చేయించారు. ఇంటికి రాగానే, మొక్కు ఇద్దరిదీ కదా అని, పిల్ల కత్తెర తీసుకుని బాబాయ్ నెత్తి మీది బొచ్చు నున్నగా కత్తిరించేసింది. పిల్ల జుట్టు నెలల్లో పెరిగింది. బాబాయ్‌ది ఇంకా రాలేదు. పిల్ల ఆశ వదులుకోకుండా రోజూ కొబ్బరినూనె రాస్తోంది. ఆ నూనెకి ఇంట్లోని దుమ్మంతా పట్టి, బాబాయ్ ఇప్పుడు ఏ రంగువాడో కొన్న రాజమండ్రి బాబాయే చెప్పలేడు.

తల్లికి ఇది చూస్తే కడుపు రగిలిపోతుంది. కానీ ఇక్కడ శాస్త్రం పిల్ల పక్షమే. బ్రిటన్‌లో డొనాల్డ్ విన్నికాట్ అని పిల్లల వైద్యుడు, మానసిక విశ్లేషకుడు ఉండేవాడు. అమ్మకీ బయటి లోకానికీ మధ్య పసివాళ్ళు ఎక్కే మొదటి మెట్టు ఇలాంటి బొమ్మో, దుప్పటి ముక్కో అని 1951లో ఆయన వివరించాడు. దాన్ని మార్చే హక్కు బిడ్డకే తప్ప ఇంకెవరికీ లేదన్నాడు. మాసినా, కంపు కొట్టినా, ఉతికితే ఆ వాసనతో పాటు బిడ్డకి దానితో ఉన్న బంధం తెగుతుందని తల్లులకి తెలుసన్నాడు. ఆయనకి తెలిసిన తల్లులు తెలుగువాళ్ళు కారని వేరే చెప్పాలా? మన తల్లి ఆదివారం పొద్దున్నే బకెట్లో సర్ఫు కలిపి, బాబాయ్‌ని నానబెట్టి, పిండి, రెండు చెవులకీ రెండు క్లిప్పులు పెట్టి డాబా మీద తీగకి వేలాడదీసింది. పిల్ల పైకొచ్చి చూసి పెట్టిన శోకానికి నాలుగు ఫ్లోర్లవాళ్ళు డాబా ఎక్కారు. ఎవరో చుట్టం పోయాడనుకుని పక్క ఫ్లాటు పెద్దావిడ పరామర్శకి కూడా వచ్చింది.

ఇంట్లో ఈ మాత్రం సంసారం చేసినవే తర్వాత పెద్దవాళ్ళయ్యాయి. 1921లో లండన్ హారోడ్స్ దుకాణంలో క్రిస్టఫర్ రాబిన్ అనే ఏడాది పిల్లాడి కోసం కొన్న ఎలుగే పిల్లల కథల్లోని విన్నీ ద పూ. పులి, గాడిద, పందిపిల్ల, కంగారూ తర్వాత వచ్చి చేరాయి. రూ అనే కంగారూపిల్ల 1930లలో ఆపిల్ తోటలో పోయి మళ్ళీ దొరకలేదు. మిగిలినవి అమెరికా వెళ్ళి న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో స్థిరపడ్డాయి. మావి మాకిచ్చేయండని 1998లో బ్రిటిష్ పార్లమెంటు సభ్యురాలు గ్విన్నెత్ డన్‌వుడీ గొడవ చేస్తే, న్యూయార్క్ మేయర్ జూలియానీ స్వయంగా వెళ్ళి బొమ్మల్ని పలకరించి, ఇవ్వం పొమ్మన్నాడు. అవీ అద్దాల పెట్టెలోనే ఉన్నాయి కదా, మా షోకేసు ఏం పాపం చేసింది అని మీరడగొచ్చు. అవి పిల్లాడి చేతిలో ఈడ్చబడి, అతుకులు పడి, సర్వీసంతా చేసి రిటైరయ్యాక పెట్టెలోకి వెళ్ళాయి. మనవి పుట్టుకతోనే రిటైరయ్యాయి.

బొమ్మలంటే ప్రభుత్వాలకి మనకంటే భయం ఎక్కువ. 2012లో సైబీరియాలోని బర్నౌల్ నగరంలో మనుషుల సభలకి అనుమతి దొరక్క, జనం మంచులో బొమ్మలు నిలబెట్టి, వాటి చేతుల్లో చిన్న చిన్న ప్లకార్డులు పెట్టారు. మరో సభకి అనుమతి అడిగితే అధికారులు కుదరదన్నారు. కారణం రాతపూర్వకంగా ఇచ్చారు: బొమ్మలు రష్యా పౌరులు కావు, అసలు మనుషులే కావు. ఆ ఫైలు ఎన్ని బల్లలు దాటి ఆ నిర్ధారణకి వచ్చిందో!

అదే ఏడాది జులై 4న స్వీడన్ ప్రకటనల సంస్థవాళ్ళు ఓ బుల్లి విమానంలో లిథువేనియా నుంచి బెలారుస్‌లోకి చొరబడి, వందల టెడ్డీలని పారాచూట్లు కట్టి కిందికి వదిలారు. ఒక్కొక్క ఎలుగూ భావస్వేచ్ఛ కావాలన్న చీటీ పట్టుకుని దిగింది. ముందు అలాంటిదేమీ జరగలేదని బుకాయించిన ప్రభుత్వం, చివరికి ఒప్పుకోక తప్పలేదు. అధ్యక్షుడు లుకాషెంకో వైమానిక దళాధిపతినీ, సరిహద్దు దళాధిపతినీ ఇంటికి పంపాడు. దూది కూడా సరిగ్గా కూరని బొమ్మ జనరళ్ళ ఉద్యోగాలు ఊడగొట్టింది. అలాంటి పరాక్రమశాలిని పట్టుకుని మనం "సోఫా మీద పెట్టకు, అణిగిపోతుంది" అంటాం.

2025 జూన్‌లో మన వ్యోమగామి శుభాంశు శుక్లా అంతరిక్ష కేంద్రానికి వెళ్తే ఆ నౌకలో జాయ్ అనే మెత్తటి హంసబొమ్మ కూడా వెళ్ళింది. అలంకారానికి కాదు. భారరహిత స్థితి వచ్చిందని అది తేలి చూపించాలి, అదే దాని డ్యూటీ.

ఈ కవరు జబ్బు మనకి పూర్వం లేదు. కొండపల్లి బొమ్మల్నే చూడండి. తాడిచెట్టెక్కే గీతకార్మికుడు, రోకలి పట్టిన ఆడవాళ్ళు, అంబారీ మోసే ఏనుగు. ఒక్కడైనా ఖాళీగా ఉన్నాడా? ఆడపిల్లలు తాటాకు బొమ్మలకి పసుపు గుడ్డ చుట్టి పెళ్ళిళ్ళు చేసేవారు. లక్కపిడతల్లో అటుకులూ బెల్లమూ విందు. మగపెళ్ళివారు, ఆడపెళ్ళివారు అని రెండు జట్లు. మర్యాద తక్కువైందని మగపెళ్ళివారు అలిగేవారు. అలక తీర్చడానికి మరో పిడికెడు బెల్లం సమర్పించుకునేవారు. ఆ బొమ్మలు చిరిగితే సాయంత్రం ఇంకో తాటాకు కోసుకునేవారు. మహా అయితే పెళ్ళికూతురు మారేది, పెళ్ళి ఆగేది కాదు.

షోకేసు నుంచి నేరుగా చెత్తబుట్టకి పోయిన ఎలుగుల్లో కొన్నింటికి ఆ తర్వాత అదృష్టం పడుతుంది. చెత్త ఆటో ముందు భాగానికి కట్టిన టెడ్డీని మీరూ చూసే ఉంటారు. ఒక కన్ను లేదు, వానకి తడిసింది, ఎండకి వెలిసింది. కానీ రోజూ గల్లీగల్లీ తిరుగుతుంది, ఊరంతా దానికి తెలుసు. పదేళ్ళ షోకేసు కంటే ఆ ఉద్యోగమే నయమని నా నిశ్చితాభిప్రాయం. దిష్టి తగలదని డ్రైవరు అభిప్రాయం.

తల్లులారా, ఉతికితే బంధం తెగుతుందని విన్నికాట్ ఎంత చెప్పినా ఉతక్క తప్పని రోజు వస్తుందని నాకూ తెలుసు. ఆ రోజు బొమ్మని దిండు గలీబులో వేసి మూతి కట్టి మెషిన్‌లో వేయండి, చన్నీళ్ళు, తక్కువ సబ్బు వాడండి. ముందురోజే పిల్లకి చెప్పి ఒప్పించండి. తర్వాత చిల్లుల బుట్టలో వెల్లకిలా పడుకోబెట్టి, గాలి తగిలే నీడలో ఆరబెట్టండి. లోపలి దాకా ఆరడానికి రెండు రోజులైనా పడుతుంది, తొందరపడకండి. చెవులకి క్లిప్పులు మాత్రం పెట్టకండి.