వేసవి సెలవులను గూర్చి సంఘాధ్యక్షుల సముఖమునకు ఒక విన్నపము

మహారాజశ్రీ కొండాపూరులోని మా గృహసముదాయ సంక్షేమసంఘాధ్యక్షులవారి దివ్యసముఖమునకు,

విషయము: ఖర్చులేని వినోదములకు అనుమతి దయచేయుటను గూర్చి.

అయ్యా,

ఏప్రిల్ నెలాఖరున మూతబడిన పాఠశాలలు జూన్ 12వ తేదీన మరల తెరచువఱకు గల నెలన్నర కాలమును పిల్లలతో ఏ విధమున గడపవలెనను చింత సైబరాబాదులోని సకల గృహస్థులను పీడించుచుండగా, ఆ చింతను బాపుటకో యనునట్లు తమ కార్యాలయమునుండి ఒకే దినమున రెండు ప్రకటనలు వాట్సాప్ గ్రూపునకు విచ్చేసినవి. మొదటిది క్లబ్‌హౌసులో జరుగబోవు సమ్మర్ క్యాంపునకు తల కింత యని రుసుము నిర్ణయించినది. రెండవది సెల్లారులో ఆడుట, పచ్చికపై నడచుట, మిద్దె యెక్కుట, బంతితో సంబంధముగల సమస్త వ్యాపారములు నిషిద్ధములని ఆజ్ఞాపించినది. ఈ రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చదివిన పిమ్మట తమ పరిపాలనాసూత్రము నాకు కరతలామలకమైనది: ఖర్చున్న ఆటకు అనుమతి యున్నది, ఖర్చులేని ఆటకు అనుమతి లేదు.

క్యాంపును నేను నిందింపను. అయినను, తల్లియు తండ్రియు పగలంతయు మాదాపూరులో కోడింగు చేసి నడుము పట్టుకొని యిల్లు చేరుచుండగా, ఆ కోడింగునే తొమ్మిదేండ్ల పసివానికి సెలవుల వినోదమని రుసుము గైకొని నేర్పుట యందలి ఔచిత్యము నావంటి మందబుద్ధికి అంతుపట్టకున్నది. మా తాతలు పొలము దున్నువారే గాని, వేసవి వచ్చిన దని మనుమలను దుక్కి క్యాంపునకు పంపినవారు కారు.

“గేటు దాటి వెలుపల విహరింపరాదా?” యని తమరు సెలవియ్యవచ్చును. విహరించుచునే యున్నాము. గేటు వెలుపలి లోకము మనకంటె ఉదారమైనది. కోట్ల విజయభాస్కరరెడ్డి పేరిట వెలసిన బొటానికల్ గార్డెన్ సుమారు 270 ఎకరముల పచ్చదనముతో మన కొండాపూరులోనే యున్నది. అచ్చట ప్రాతఃకాలమున నెమళ్ల కేకలు వినుటకు ప్రత్యేక రుసుము లేదు. కుతుబ్‌షాహీల కాలమున గోలకొండ కోటకు మంచినీ రందించిన దుర్గం చెరువు, రమారమి 250 కోట్ల సంవత్సరముల వయస్సు గల నల్లరాతి గుండ్ల నడుమ ఎవరికంటను బడక దాగి యుండుటచే రహస్యపు చెరువని పేరొందినది. 2020 సెప్టెంబరులో దానిపై తీగల వంతెన వెలసినతోడనే ఆ రహస్యము కాస్త బట్టబయలైనది గాని, సాయంకాలపు గాలికి మాత్రము నేటికిని టిక్కెట్టు లేదు.

1992లో నెలకొల్పిన శిల్పారామమున కుమ్మరి యిల్లు, సాలెవాని మగ్గము మొదలగు గ్రామజీవనరూపములు బొమ్మలుగా కొలువుదీరి యున్నవి. మల్టీప్లెక్సులో నలుగురు పాప్‌కార్న్ తిను ఖర్చుతో పోల్చిన, అచ్చటి ప్రవేశరుసుము ఖర్చే కాదు. ఎండ మరీ దుస్సహమైన నాడు, 2019 నవంబరు నుండి రాయదుర్గమువఱకు వచ్చుచున్న మెట్రో యెక్కి, నాగోలుదాక పోయి తిరిగి వచ్చినచో, పిల్లలకు నగరమంతయు కిటికీలో కనబడును. పెద్దలకు ఇంటి కరెంటు బిల్లుతో నిమిత్తము లేని చల్లదనము లభించును.

అయిన నేమి, దినదినము ఊరు తిరుగుట ఏ కుటుంబమునకును సాధ్యము గాదు. సెలవులలో అధికభాగము ఇంటిపట్టుననే గడచును. ఆ యింటిపట్టు తమ అధికారపరిధిలో నున్నది. కావున మూడు వరములు యాచించుచున్నాను.

ప్రథమవరము సెల్లారు. తొమ్మిది గంటలు దాటినంతనే కార్లన్నియు ఆఫీసులకు తరలిపోగా, సాయంకాలమువఱకు అది ఈ సముదాయమునందలి మిక్కిలి విశాలమైన నీడ. అద్దె చెల్లించినను దొరకని నీడ. దానిని కుక్కలకును, రెండు పాత స్కూటర్లకును విడిచిపెట్టితిమి. రాత్రియంతయు అమెరికావారికి సేవచేసి పగలు నిద్రించువారు మనలో పెక్కురు గలరని యెఱుగుదును. కావున మధ్యాహ్నవేళ అష్టాచెమ్మ, వామనగుంటలు, పులిజూదము వంటి కూర్చుండి యాడు ఆటలే నడపుదుము. వానికి కావలసిన సామగ్రి సుద్దముక్క, చింతపిక్కలు, గవ్వలు మాత్రమే. తొండి చేసినపుడు పుట్టు కలహధ్వనికి మాత్రము నేను పూచీపడజాలను.

ద్వితీయవరము మిద్దె తాళపుచెవి. వేసవి యెండ వృథాగా పోవుచున్న స్థల మేదైన నున్న దన్నచో అది మన మిద్దెయే. అచ్చట పాతచీర పఱచి, అవ్వ గరిటెతో పిండి పెట్టుచుండగా మనుమరాలు వరుస దిద్దుచు వడియములు పెట్టుట, కాకులను తోలుట, సగ మెండినవానిని దొంగతనముగా తినుట యనునవి మూడు తరములవారిని ఒకచోట గూర్చు విద్యలు. ఏ క్యాంపునందును ఇవి బోధింపబడవు.

మఱియు ప్రతి సంవత్సరము మే 9వ తేదీ ప్రాంతమున, మధ్యాహ్నము ఇంచుమించు 12 గంటల 12 నిమిషములకు, హైదరాబాదులో సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చును. నిట్టనిలువుగా నిలిపిన సీసా నీడ తన యడుగునకే చేరి మాయమగును. ఉత్తరమునకు సాగుచున్న సూర్యుడు మన 17 డిగ్రీల చిల్లర అక్షాంశమునకు సరిగా పైకి వచ్చుటయే దీనికి హేతువు. ఆయన తిరుగుప్రయాణమున, ఆగస్టు తొలివారమున, రెండవమారు ఇట్లే జరుగును. కర్కటరేఖకు ఉత్తరమున నున్న ఢిల్లీవారికి ఈ భాగ్యము ఏనాడును లేదు. నెత్తిపై తుండుగుడ్డ వేసికొని పది నిమిషములు నిలిచినచో ఖగోళశాస్త్రపు మొదటి పాఠము ఉచితముగా పూర్తియగును; తాళము తీయవలసిన వ్యయము తప్ప వేఱు వ్యయము లేదు.

తృతీయవరము బంతి. ఉదయము ఆరు మొదలు ఎనిమిదివఱకు, సాయంకాలము అయిదున్నర మొదలు ఏడువఱకు, మెత్తని రబ్బరుబంతితో ఏడుపెంకులాట ఆడుకొననిండు. నడుమనున్న వేళ యంతయు సూర్యభగవానుని పరిపాలన. ఆయన నిషేధాజ్ఞను మేము శిరసావహింతుము, ఏలయన అది రుసుమును బట్టి మారునది కాదు. కారు అద్దము పగిలినచో ఆ కుటుంబమే ఖర్చు భరించునని వ్రాతమూలకముగా హామీ నిత్తును. బోర్లు అడుగంటి ట్యాంకర్లకై యెదురుచూచు ఈ ఋతువున ఈతకొలను నింపుడని మేము కోరుట లేదనియు, మా మూడు కోరికలకును చుక్క నీరైన అక్కఱలేదనియు ఆదాయవ్యయసంఘమువారు గమనింప ప్రార్థన.

జూన్ 12వ తేదీ లోపల తమ ప్రత్యుత్తరమునకై యెదురుచూచుచుందును. అది రానిచో, మౌనము అర్ధాంగీకార మను లోకోక్తి ననుసరించి సగ మంగీకారము లభించినట్లే యెంచి, తక్కిన సగమును పిల్లలు తామే సమకూర్చుకొనగలరని సవినయముగా మనవి చేయుచున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
మెయింటెనెన్సు బాకీలేని ఒక నివాసి