బడాయి బండిని కాను

సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, పక్క బండి అద్దం కిందికి దిగుతుంది. నా ముక్కు మీది ఎనిమిది మూలల బిళ్ళ చూపించి, "ఇది హెక్టర్‌కి పాత మోడలా?" అని అడుగుతారు. 2019లో హలోల్‌లో తయారవడం మొదలైన ఆ హెక్టర్‌కీ నాకూ చుట్టరికం పేరు వరకే. ఎం.జి. అన్న ఆ పేరు ఇంగ్లండులో పుట్టి, చైనా వాళ్ళ చేతికెళ్ళి, అక్కణ్ణుంచి గుజరాత్‌కి దిగింది. నేను అంత చుట్టు తిరగలేదు. 1966లో ఆక్స్‌ఫర్డ్‌కి దగ్గరున్న ఆబింగ్డన్ కార్ఖానాలో తయారై, ఓడెక్కి, తిన్నగా ఢిల్లీ వచ్చాను. నన్ను ఎం.జి.బి. అంటారు. రెండు సీట్లు, గుడ్డ టాపు, 1,798 సి.సి. ఇంజను, రెండు ఎస్.యు. కార్బొరేటర్లు.

నన్ను చూసి ఏ రాజావారి కారో అనుకునేవాళ్ళున్నారు. కాదు. మా రకం 1962 నుంచి 1980 దాకా తయారైంది, అయిదు లక్షలు దాటాం. ఉద్యోగం చేసుకునే మధ్యతరగతి కుర్రాళ్ళు కొనుక్కుని, వాన పడుతున్నా టాపు వేసుకుని ఆఫీసుకి పోవడానికి చేసిన బళ్ళం. షోకు ఉందంటే ఒప్పుకుంటాను గానీ పనిచేయడానికే పుట్టాను.

నన్ను తెప్పించుకున్నది చాణక్యపురిలో ఒక దౌత్య ఉద్యోగి. ఆయన బదిలీ మీద వెళ్ళిపోతే నన్ను స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ ద్వారా అమ్మకానికి పెట్టారు. ఆ రోజుల్లో విదేశీ కారు కావాలంటే మామూలు మనిషికి దాదాపు అదే దారి. కొన్నది కరోల్‌బాగ్‌లో ఉండే ఒక తెలుగు డాక్టరుగారు. ఊపిరితిత్తుల డాక్టరు. తోటి డాక్టర్లందరూ అంబాసిడర్లలోనో ఫియట్లలోనో వస్తుంటే, ఈయన మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని నాలోంచి దిగేవారు. "ఇందులో మీరు ఎక్కుతున్నారా, తొడుక్కుంటున్నారా?" అని అమ్మగారు వెక్కిరించేది.

వెక్కిరించినా ఎక్కేది. 1976లో ఆంధ్రప్రదేశ్ ఎక్స్‌ప్రెస్ మొదలయ్యాక ఎండాకాలంలో మా పని న్యూఢిల్లీ స్టేషనుకి పోవడం. హైదరాబాదు నుంచి ఎవరో ఒకరు ఆవకాయ జాడీ పట్టుకుని దిగేవాళ్ళు. నా డిక్కీలో స్టెప్నీ పోగా మిగిలే చోటు ఒక సూట్‌కేసుకి సరిపోతే గొప్ప. జాడీ అమ్మగారి ఒళ్ళో, తెచ్చిన మనిషి టాక్సీలో. తోలు సీటు మీద పడ్డ నూనె మరక ఇప్పటికీ ఉంది. దాన్ని తీసేస్తానన్న కుట్టుపనివాడిని డాక్టరుగారు వారించారు.

విదేశీ బండి ఇక్కడ రోజూ ఎలా తిరిగిందంటారా? అంబాసిడర్ పుణ్యం. దాని 1,489 సి.సి. పెట్రోలు ఇంజనూ నా ఇంజనూ ఒకే కుదురు. రెండూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వాళ్ళ బి-సిరీస్. సామాన్లన్నీ మార్చి వేయడానికి కుదరదు గానీ, అంబాసిడర్ వాల్వులు సర్దిన చెయ్యి నా వాల్వులు కళ్ళు మూసుకుని సర్దుతుంది. కశ్మీరీ గేటులో అలాంటి ఉస్తాద్ ఒకాయన దొరికాడు. దొరకని సామాను లేతు మీద తీయించేవాడు. నా కరెంటు ఒక్కటే అతనికి గిట్టలేదు. ఆ కాలపు బ్రిటిష్ పద్ధతిలో బ్యాటరీ పాజిటివ్ తీగ నా ఒంటికి కలిపి ఉంటుంది, మిగతా లోకమంతా నెగటివ్ కలుపుతుంది. ఒక రేడియో కొట్టు కుర్రాడు ఈ సంగతి తెలియక కొత్త రేడియో బిగించాడు. పాట రాకముందే పొగ వచ్చింది.

2000 తర్వాత తాళం చెవులు డాక్టరుగారి అమ్మాయి చేతికొచ్చాయి. ఆవిడ ఆఫీసు గుడ్‌గావ్‌లో. 2008లో ఎక్స్‌ప్రెస్‌వే తెరిచాక పొద్దున్నే టాపు దించి పోతుంటే నాకు సొంత ఊరి రోడ్డు దొరికినట్టుండేది, టోల్‌గేటు వచ్చేదాకా. టోల్‌గేటు దగ్గర జూన్ ఎండలో ముప్పావుగంట నిలబడితే నా సంగతి ఏం చెప్పను? రేడియేటరు ముందు గాలి ఆడదు, పెట్రోలు గొట్టంలోనే ఆవిరవుతుంది, ఇంజను ఆగుతుంది, వెనకాల నలభై హారన్లు. ఉస్తాద్ ఒక కరెంటు ఫ్యాను అమర్చాడు. ఆ ఫ్యాను తర్వాత కాగితాల దగ్గర కొంచెం ఇబ్బంది పెట్టింది, చెబుతాను. వానాకాలంలో మింటో బ్రిడ్జి వైపు అమ్మాయి కన్నెత్తి చూసేది కాదు. అక్కడ బస్సులే మునుగుతాయి, నా ఎత్తెంత? నాకు విడిగా ఛాసిస్ లేదు, డోరు కింది రేకు పెట్టెలే నా వెన్నెముక. వాటిలో నీళ్ళు నిలిచి తుప్పు పడితే పైన ఎంత మెరుగు పెట్టినా లాభం లేదు. పాత ఎం.జి.బి. కొనేవాళ్ళు రంగు చూసి మోసపోకుండా అక్కడ గోరుతో తట్టి చూడాలి.

తిండి కూడా మారింది. 1998లో ఢిల్లీ బంకుల్లో సీసం పెట్రోలు ఆపేశారు. ఆ సీసమే మా కాలపు ఇంజన్లలో ఎగ్జాస్టు వాల్వు కూర్చునే చోటు అరగకుండా కాపాడేది. హెడ్డు విప్పి గట్టి ఉక్కు సీట్లు వేయించారు. ఇప్పుడు నూటికి ఇరవై పాళ్ళు ఇథనాల్. అది పాత రబ్బరు గొట్టాలను తినేస్తుంది, అవీ మార్చారు. సీసం పోవడం పిల్లల మెదళ్ళకు మంచిదని డాక్టరుగారు ఎప్పుడూ అనేవారు. నేనూ కాదనను.

ఇక అసలు గొడవ. 2014 నవంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ పదిహేనేళ్ళు దాటిన బళ్ళు ఢిల్లీ రోడ్డెక్కకూడదంది. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు ఢిల్లీ, చుట్టుపక్కల జిల్లాలు కలిసిన ఎన్.సి.ఆర్. అంతటికీ ఖాయం చేసింది, డీజిలుకి పదేళ్ళు, పెట్రోలుకి పదిహేను. 2025 జులై 1న బంకుల్లో కెమెరాలు నంబరు ప్లేట్లు చదివి, వయసు మీరిన బండికి పెట్రోలు పోయవద్దన్నారు. గోల లేచి కొద్దిరోజుల్లోనే ఆపారు. ఆగస్టులో సుప్రీంకోర్టు వయసు ఒక్కటే చూసి కఠిన చర్యలు వద్దంది, డిసెంబరులో ఆ రక్షణ పొగ ప్రమాణాల్లో బి.ఎస్.-4, ఆపై బళ్ళకే అని సరిదిద్దింది. నేను పుట్టేనాటికి ఈ దేశంలో పొగకి కొలతే లేదు.

2018 ఆర్డరు వచ్చిన రోజు ఇంట్లో పెద్ద వాదన జరిగింది. వరండా పక్కనే ఉన్నాను కాబట్టి అంతా విన్నాను.

"నాన్నా, వయసు చూసి తీసేయడమేమిటి? పొగ కొలిచి చెప్పమనండి. ఏడాదికి ఇది తిరిగేదెంత, ట్యాక్సీలు తిరిగేదెంత?"

"దీనికి కెటలిటిక్ కన్వర్టరు లేదమ్మా. దీని వెనకాల స్కూటరు మీద వచ్చేవాడు నా పేషెంటే."

"అయితే మాయాపురి తుక్కు బజారుకి పంపేద్దామా?"

ఆయన జవాబు చెప్పలేదు. ఆ వాదనలో నాకు ఇద్దరి మాటా న్యాయంగానే తోచింది. నవంబరులో ఈ ఊరి గాలి పీల్చేవాళ్ళ ముందు నేను నీతులు చెప్పలేను. కానీ లండన్‌లో ఉన్న నా తోబుట్టువుల సంగతి వింటే మాత్రం కడుపు మండుతుంది. అక్కడ నలభై ఏళ్ళు దాటి చారిత్రక వాహనంగా నమోదైతే రోడ్డు పన్ను లేదు, ఏటేటా తనిఖీ తప్పనిసరి కాదు, ఊళ్ళోకొచ్చే పాత బళ్ళ దగ్గర వసూలు చేసే కాలుష్య రుసుము కూడా లేదు. అక్కడ ముసలితనం లైసెన్సు, ఇక్కడ నేరం.

తర్వాత మూడేళ్ళు కదల్లేదు. తిరిగినప్పుడు రాని జబ్బులన్నీ నిలబడితే వచ్చాయి. కార్బొరేటరులో పెట్రోలు జిగురైంది, బ్రేకు పిస్టన్లు బిగుసుకున్నాయి, క్లచ్చు సీళ్ళు ఎండి పగిలాయి.

2021 జులైలో కేంద్రం వింటేజ్ బళ్ళకి నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను నుంచి యాభై ఏళ్ళు దాటాలి, బాడీ, ఇంజను, ఛాసిస్ పెద్దగా మార్చకుండా ఉండాలి. అప్పుడు 'వి.ఎ.' అక్షరాలున్న ప్లేటు ఇస్తారు. కొత్త నమోదుకి 20,000 రూపాయలు, పదేళ్ళ తర్వాత మళ్ళీ చేయించాలంటే 5,000. దరఖాస్తుకి పాత ఆర్.సి., బీమా పాలసీ కావాలి, దిగుమతి బండైతే కస్టమ్స్ కాగితమూ కావాలి. డాక్టరుగారి బీరువాలో పెళ్ళి ఫొటోల కింద స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ ఫైలు మొత్తం భద్రంగా దొరికింది. తనిఖీకి వచ్చినాయన కరెంటు ఫ్యాను చూసి పెదవి విరిచాడు. అది విప్పేస్తే పోయేదే అని ఉస్తాద్ అక్కడికక్కడే విప్పి చూపించాడు.

బీమా దగ్గర ఇంత సులువుగా అవలేదు. కంప్యూటరులో ఎం.జి. అని కొడితే హెక్టర్, ఆస్టర్ వస్తాయి, నేను రాను. థర్డ్ పార్టీ పాలసీకి చిక్కు లేదు, అది చట్టం ప్రకారం అందరికీ తప్పనిసరి. 1,500 సి.సి. దాటిన సొంత కారుకి 2022 రేటు ఏడాదికి 7,897 రూపాయలు, వింటేజ్‌గా నమోదైతే అందులో సగమే. చిక్కు నా సొంత ఒంటి బీమా దగ్గర. మామూలు కారుకి విలువ కట్టే పట్టిక అయిదేళ్ళతో ఆగిపోతుంది, ఆ తర్వాత కంపెనీ, యజమాని మాట్లాడుకుని తేల్చుకోవాలి. పోనీ, బండి పూర్తిగా పోతే ముందే ఒప్పుకున్న మొత్తం తరుగు లేకుండా ఇచ్చే పాలసీ ఉందా అంటే, ఉంది. 2002 నాటి మోటారు టారిఫ్ పుస్తకం దాన్ని వింటేజ్ కార్లకి మాత్రమే అనుమతించింది. అయితే ఆ పుస్తకం లెక్కలో వింటేజ్ అంటే 1940 డిసెంబరు 31కి ముందు తయారై, వింటేజ్ అండ్ క్లాసిక్ కార్ క్లబ్ ఆఫ్ ఇండియా ధ్రువపత్రం ఉన్న కారు. రవాణాశాఖ దగ్గర నేను ముసలిదాన్ని, బీమా పుస్తకంలో ఇంకా పడుచుదాన్ని!

ఒక కంపెనీ సర్వేయరు వచ్చాడు. మంచి మనిషే. నా చుట్టూ ప్రదక్షిణం చేసి, "మేడం, ఇలాంటి కారు మార్కెట్లో ఎంతకి పోతుందో మీరే చెప్పండి" అన్నాడు. అమ్మాయి ఇంగ్లండు ధరలు, ఇక్కడ చేతులు మారిన ఒకటి రెండు బళ్ళ ధరలు, ఉస్తాద్ బిల్లులు, నలువైపులా తీసిన ఫొటోలు ముందు పెట్టింది. చివరికి ఆవిడ అడిగినదాంట్లో మూడొంతులకి బేరం కుదిరింది. ఆ మీదట చిన్న గుద్దుడుకి క్లెయిము చేసినా లోహపు భాగాల్లో సగం తరుగు కింద కోస్తారు, పదేళ్ళు దాటిన బండికి అదే లెక్క. రబ్బరుకీ సగమే. అద్దానికి మాత్రం కోత లేదు. ఇవన్నీ విని అమ్మాయి నవ్వేసింది. క్లెయిము డబ్బుతో బంపరొస్తుందా? డబ్బు ఇచ్చినా ఇంగ్లండు నుంచి బంపరొచ్చేసరికి పండగలు రెండు పోతాయి.

పాలసీలో అసలు చదవాల్సింది వాడకం షరతు. వి.ఎ. ప్లేటున్న బండి రోజువారీ పనులకి, వ్యాపారానికి తిరగకూడదు. ప్రదర్శన, పరిశోధన, వింటేజ్ ర్యాలీ, పెట్రోలు పోయించుకోవడం, మరమ్మతు, ఇంతవరకే. 1964 నుంచి జరుగుతున్న స్టేట్స్‌మన్ పత్రిక ర్యాలీకి వెళ్ళవచ్చు, ఆఫీసుకి కాదు. ఆఫీసు దారిలో ఎవరికైనా తగిలితే కంపెనీ ఆ షరతే ముందు చూపిస్తుంది. సగం ప్రీమియం ఇచ్చింది నేను కదలననే నమ్మకంతో. ఆఫీసుకి పోవడానికి పుట్టిన బండికి ఆ ఒక్కటే కూడదన్నారు.

ర్యాలీకి ఒకసారి వెళ్ళాను. పక్కన రోల్స్ రాయిస్‌లు, డాడ్జ్‌లు, తలపాగాలు కట్టుకున్న యజమానులు. ఒక చిన్నపిల్ల నా తోలు సీటు మీది మరక చూసి ఇదేమిటని అడిగింది. డాక్టరుగారు చక్రాల కుర్చీలోంచే ఆవకాయ సంగతి మొదలుపెట్టారు. జడ్జీలు మార్కులు తగ్గించారు.

ఆదివారాలు మాత్రం మాకు పని ఉంది. నిబంధనలో మరమ్మతు అన్న మాట ఉందిగా. పొద్దున ఆరింటికి అమ్మాయి నన్ను కరోల్‌బాగ్ నుంచి కశ్మీరీ గేటుకి తోలుకెళుతుంది. సొంత మనిషి నన్ను హెక్టర్ అని ఎగతాళి చేసినా ఆ పూట నాకు కోపం రాదు. ఇప్పుడు షెడ్డు చూసేది ఉస్తాద్ కొడుకు. వాళ్ళ నాన్నలాగే బానెట్టు ఎత్తకముందే చాయ్ చెబుతాడు.

"ఈ వారం ఏమైంది దీదీ? పోయిన వారమేగా కార్బొరేటరు సర్దాను."

"చమురు కారుతోంది."

అబద్ధం కాదు. వాల్వు మూత కింది కార్కు గాస్కెట్టు దగ్గర నిజంగానే కారుతోంది. కొత్త గాస్కెట్టు అమ్మాయి బ్యాగులోనే ఉంది, వచ్చే వారం వేయిద్దాంలే అంది.