కొత్త కంప్యూటర్‌కు పాత బుద్ధులు నేర్పండి

పాతికేళ్లుగా డీటీపీ పనిలో ఉన్నాను. ఈ పాతికేళ్లలో కంప్యూటర్ బాగుచేయడానికి వచ్చిన ప్రతి కుర్రాడిదీ ఒకటే మాట: "ఆ పేజ్‌మేకర్‌ను ఇంక వదిలేయండి సార్, కాలం మారింది." కాలం మారిందని నాకూ తెలుసు. మా దగ్గరున్న ఫైళ్లు మాత్రం మారలేదు. శుభలేఖలు, గుళ్ల ఆహ్వాన పత్రికలు, సంఘాల నియమావళులు, అచ్చుకు డబ్బు చాలక ఆగిపోయిన కవితా సంపుటాలు, ఇప్పుడు లేని రచయితల పుస్తకాలు అన్నీ పేజీలు అమర్చే ఆ పేజ్‌మేకర్‌లో, 'అను' తెలుగు ఫాంట్లలోనే ఉన్నాయి. వాటి తాళంచెవి ఆ పాత సాఫ్ట్‌వేరే.

అందుకే ఇక్కడ రాస్తున్న సలహాలు బజార్లో వినపడే వాటికి తలకిందులుగా ఉంటాయి. తిక్క సలహాలని మీ ఇంట్లో పిల్లలే అనొచ్చు. అన్నీ చేసి చూసినవే. పాత సాఫ్ట్‌వేర్‌ను కొత్త కాలానికి లాక్కురాకండి, కొత్త కంప్యూటర్‌నే పాతకాలానికి దించండి. నేను చెప్పదలచుకున్నది ఇదే.

"బాగా నడుస్తున్న మెషీన్ జోలికి పోవద్దు" అంటారు. నేను పొమ్మంటాను. పాత సీపీయూ బాగా నడుస్తున్న రోజునే దాన్ని ఆపి, మూత విప్పి, హార్డ్‌డిస్క్ బయటికి తీయండి. పది పదిహేను వందలు పెడితే పాత డిస్కును యూఎస్‌బీకి తగిలించే అడాప్టర్ దొరుకుతుంది. దానితో కొత్త కంప్యూటర్‌కు కలిపి, డిస్క్ మొత్తాన్నీ ఉన్నది ఉన్నట్టుగా ఒకే ఇమేజ్ ఫైలుగా తీయండి. లైనక్స్ తెలిసిన కుర్రాడు ఎవరైనా ఒక పూటలో ఈ పని చేసిపెడతాడు. ఫైళ్లు మాత్రం కాపీ చేసుకుని తృప్తిపడకండి. ఫాంట్లు, కీబోర్డు సెట్టింగులు, ప్రింటర్ డ్రైవర్లు, ఏ ఫోల్డర్లో పడుకుని ఉన్నాయో మనకే తెలియని చిన్నచిన్న ఫైళ్లు అన్నీ కలిస్తేనే పేజీ సరిగ్గా తెరుచుకుంటుంది. డిస్క్ పాడయ్యాక ఎవరి దగ్గరికి పరుగెత్తినా పేజీ ఫైళ్లు దొరుకుతాయేమో గానీ ఆ అమరిక దొరకదు.

తొందర ఎందుకో చెబుతాను. పేజ్‌మేకర్ 1985లో ఆల్డస్ కంపెనీ తెచ్చింది. 1994లో ఆల్డస్ అడోబీలో కలిసింది. ఆఖరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. 2004లో అడోబీ దాని మీద పని ఆపేసింది. ఆ తర్వాత చాలాకాలం ఆ కంపెనీదే అయిన ఇన్‌డిజైన్ పేజ్‌మేకర్ ఫైళ్లను తెరిచేది. సీఎస్6 తర్వాత వచ్చిన వెర్షన్లు అదీ మానేశాయి. 2023 జనవరి నుంచి అడోబీ పాత టైప్ 1 ఫాంట్లను కూడా గుర్తించడం ఆపేసింది. తలుపులు ఒక్కొక్కటిగా మూతపడుతున్నాయి. కొత్తది కొంటే పాతదాన్ని అదే చదువుకుంటుందిలే అనుకునేవాళ్లు ఈ రెండు సంగతులూ గుర్తుంచుకోవాలి.

తీసిన ఇమేజ్‌ను ఏం చేయాలి? పాత సీపీయూలోని విండోస్ ఎక్స్‌పీని కొత్త కంప్యూటర్ మీద నేరుగా ఎక్కించాలని చూడకండి. నేను చూశాను, మూడు రోజులు పోయాయి. ఇప్పటి డిస్కులు, యూఎస్‌బీ పోర్టులు, గ్రాఫిక్స్ ఏవీ ఎక్స్‌పీకి తెలియవు. బూటవుతూనే నీలి తెర వేసుకుని కూర్చుంటుంది. దానికి బదులు వర్చువల్‌బాక్స్ లాంటిది పెట్టండి. అది కొత్త కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ ఉన్నట్టు నటిస్తుంది. ఇమేజ్‌ను దాని డిస్కుగా మార్చి తగిలించండి. తగిలించేటప్పుడు కొత్తరకం సాటా కంట్రోలర్ కాకుండా పాత ఐడీఈ కంట్రోలర్‌ను ఎంచుకోండి. ఎక్స్‌పీ లేవకపోతే పదికి తొమ్మిదిసార్లు కారణం ఇక్కడే ఉంటుంది. వేరే మెషీన్‌లోకి వచ్చానని పసిగట్టి యాక్టివేషన్ అడగొచ్చు. అందుకే లైసెన్స్ సీడీని, సీపీయూ మీది కీ స్టిక్కర్‌ను పారేయకండి.

ఇక అసలు సలహా. 16 జీబీ మెమరీ, ఎనిమిది కోర్ల ప్రాసెసర్ కొన్నారు కదా, అందులో ఎంత వీలైతే అంత పాత సాఫ్ట్‌వేర్‌కు ఇవ్వాలనిపిస్తుంది. ఇవ్వకండి. ఒక్క కోరు, ఒక జీబీ లోపు మెమరీ, చిన్న డిస్క్ చాలు. ఇది పిసినారితనం కాదు. పాత ప్రోగ్రాములకు పేదరికం పడుతుంది, ఐశ్వర్యం పడదు. విండోస్ 98నే చూడండి. 512 ఎంబీ దాటి మెమరీ పెడితే మెమరీ చాలదని ఆగిపోయే జబ్బు దానికుంది. కొన్ని పాత ఇన్‌స్టాలర్లు ఖాళీ స్థలాన్ని 32 బిట్ల లెక్కలో కొలుస్తాయి. డిస్క్‌లో వందల జీబీ ఖాళీగా ఉంటే ఆ లెక్క పొంగిపోయి, స్థలం లేదని చెబుతాయి. రెండు జీబీల చిన్న డిస్క్ చూపించండి, మారుమాట లేకుండా ఎక్కుతాయి.

వేగం సంగతీ అంతే. టర్బో పాస్కల్‌తో రాసిన డాస్ ప్రోగ్రాములు ఒకప్పుడు ఆఫీసుల నిండా ఉండేవి. పెంటియం 200 మెగాహెర్ట్జ్ దాటే కాలానికి అవి తెరవగానే 'రన్‌టైమ్ ఎర్రర్ 200' అని చచ్చిపోవడం మొదలుపెట్టాయి. కారణం చాలా చిన్నది. ఆ ప్రోగ్రాముల్లో చేరే ఒక భాగం, మెషీన్ ఎంత వేగమో తెలుసుకోవడానికి గడియారం ఒక్కసారి టిక్‌మనే లోపు, అంటే దాదాపు 55 మిల్లీసెకన్లలో, ఎన్ని చుట్లు తిరగగలనో లెక్కపెట్టి, ఆ అంకెను 55తో భాగిస్తుంది. వచ్చిన జవాబు 16 బిట్లలో పట్టాలి, అంటే 65,535 దాటకూడదు. వేగమైన ప్రాసెసర్ మీద దాటిపోయింది. ప్రోగ్రామ్ రాసినవాడి తప్పు లేదు, వాడిన మనిషి తప్పు లేదు. మెషీన్ మరీ చురుకైనదవడమే దోషం. 2002లో వచ్చిన డాస్‌బాక్స్ కొత్త కంప్యూటర్‌లో పాత డాస్ మెషీన్‌లా నటిస్తుంది. అందులో 'సైకిల్స్' అనే సంఖ్య ఉంటుంది. అది తగ్గిస్తే ప్రాసెసర్ నెమ్మదిస్తుంది. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో టర్బో సి++ ఆ నీలం తెరతో సహా విండోస్ 7 మీద కూడా బతికింది ఈ డాస్‌బాక్స్ పుణ్యానే.

64 బిట్ల విండోస్ మీద 16 బిట్ల ప్రోగ్రాములు నడవవు. విండోస్ 11కు 32 బిట్ల రూపమే లేదు. ఇక్కడ చాలామంది మోసపోతారు. ప్రోగ్రామ్ 32 బిట్లదే అయినా దాని ఇన్‌స్టాలర్ 16 బిట్లది అయి ఉండొచ్చు. తలుపు దగ్గరే ఆగిపోతే ఇంట్లో మనిషి లేడనుకుంటాం. వర్చువల్ మెషీన్‌లోని 32 బిట్ల ఎక్స్‌పీకి ఆ ఇబ్బంది లేదు.

పేజ్‌మేకర్ 7ను నేరుగా విండోస్ 10 మీదే నడుపుకుంటున్నవాళ్లు నాకు తెలుసు. వాళ్లకొక మాట: ఇన్‌స్టాలర్ చూపించిన 'ప్రోగ్రామ్ ఫైల్స్' ఫోల్డర్‌ను ఒప్పుకోకండి. సి డ్రైవ్‌లో ఖాళీ లేని చిన్న పేరుతో వేరే ఫోల్డర్ పెట్టి అక్కడ ఎక్కించండి. పాత సాఫ్ట్‌వేర్ తన సెట్టింగులు తన ఫోల్డర్‌లోనే రాసుకుంటుంది. విస్టా వచ్చినప్పటి నుంచి విండోస్ ఆ రాతలను చడీచప్పుడు లేకుండా ఇంకోచోటికి మళ్లిస్తోంది. నిన్న చేసిన మార్పు ఇవాళ కనిపించకపోవడానికి, ఒక లాగిన్‌లో ఉన్నది ఇంకో లాగిన్‌లో లేకపోవడానికి కారణం ఇదే.

ఇంటర్నెట్ పీకేయండి. యాంటీవైరస్ వేయించండి, అప్‌డేట్లు చేయించండి అనే సలహా కొత్త విండోస్‌కు సరిపోతుంది. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో మైక్రోసాఫ్ట్ చేతులు దులుపుకుంది. 2017 మేలో వాన్నాక్రై వచ్చి ప్రపంచమంతా కంప్యూటర్లకు తాళాలు వేసినప్పుడు, మూడేళ్ల కిందట వదిలేసిన ఎక్స్‌పీకి కూడా ఆ కంపెనీ ప్రత్యేకంగా ఒక ప్యాచ్ ఇవ్వాల్సి వచ్చింది. ప్రతిసారీ ఇస్తారని నమ్మి కూర్చోలేం. వర్చువల్ మెషీన్‌లో నెట్‌వర్క్ కార్డునే తీసేయండి. షేర్డ్ ఫోల్డర్ ఒకటి పెట్టుకుంటే ఫైళ్లు అటూ ఇటూ వస్తాయి, పోతాయి. నెట్ లేకపోతే పని ఎలా అనేవాళ్లకు జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ పేరు చెబుతాను. అంత పెద్ద నవలలు రాసిన ఆ అమెరికన్ రచయిత, తాను డాస్ మీద వర్డ్‌స్టార్ 4.0లోనే రాస్తానని, ఆ కంప్యూటర్‌కు ఇంటర్నెట్ లేదని 2014లో ఒక టీవీ కార్యక్రమంలో చెప్పాడు.

పాత సాఫ్ట్‌వేర్ నుంచి కొత్త ప్రింటర్‌కు ప్రింట్ ఇవ్వకండి. ఇద్దరికీ భాష కలవదు. ఎక్స్‌పీలో ఒక పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటర్ డ్రైవర్ వేసి, ప్రింటర్‌కు బదులు ఫైల్‌కు పంపండి. ఫాంట్లు అందులోనే ఇమిడిపోవాలి. ఆ ఫైలును షేర్డ్ ఫోల్డర్ ద్వారా బయటికి తెచ్చి గోస్ట్‌స్క్రిప్ట్ అనే ప్రోగ్రామ్‌తో పీడీఎఫ్ చేయండి. ఆఫ్‌సెట్ ప్రెస్సులో ప్లేటు వేసేవాళ్లకు ఆ పీడీఎఫ్ చాలు.

డాంగిల్ విషయంలో నా సలహా ఇంకా మొండిది. సాఫ్ట్‌వేర్ లైసెన్స్‌కు తాళంలా ప్రింటర్ పోర్టుకు తగిలించే పాత డాంగిల్ ఉంటే, యూఎస్‌బీ కన్వర్టర్ కొని డబ్బు పోగొట్టుకోకండి. ఆ కన్వర్టర్లు ప్రింటర్‌కు అక్షరాలు పంపడానికే తయారైనవి. సాఫ్ట్‌వేర్ డాంగిల్‌ను అడిగే ప్రశ్నలను అవి మోసుకెళ్లలేవు. లోపల బిగించే కార్డు కూడా పోర్టును వేరే చిరునామాలో చూపిస్తుంది. పాత డ్రైవరేమో 378 అనే చిరునామాలోనే వెతుకుతుంది. అలాంటి డాంగిల్ ఉన్నవాళ్లు పాత సీపీయూనే ఉంచుకోండి. మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ మార్చండి, కెపాసిటర్ల తలలు ఉబ్బాయేమో చూడండి, నెలకొకసారి స్విచ్ వేయండి. యూఎస్‌బీ డాంగిల్ అయితే చింత లేదు, వర్చువల్ మెషీన్‌కు అప్పగించవచ్చు.

ఆపరేటర్ చేతులనూ ఇందులో కలపాలి. ముప్పై ఏళ్లుగా ఒకే కీబోర్డు అమరికకు అలవాటు పడిన వేళ్లు తెర చూడకుండా, అక్షరం తడుముకోకుండా కొడతాయి. యాభై దాటిన మనిషిని కూర్చోబెట్టి కొత్త అమరిక నేర్పడం కంటే, కొత్త కంప్యూటర్‌కు ఆయన పాత టీవీఎస్ గోల్డ్ కీబోర్డు తగిలించడం న్యాయం.

చివరిది నేను నష్టపోయి నేర్చుకున్నది. "అన్నీ యూనికోడ్‌లోకి మార్చేసి పాతవి తీసేయండి" అంటారు. మార్చండి, తప్పకుండా మార్చండి. పాతవి తీయకండి. అను ఫాంట్లలో తెలుగు అక్షరాలు ఇంగ్లిష్ అక్షరాల గదుల్లో అద్దెకుంటాయి. ఫాంట్ తీసేస్తే తెర మీద మిగిలేది అర్థం లేని ఇంగ్లిష్ గుర్తులే. యూనికోడ్ తెలుగుకు 128 స్థానాలు విడిగా కేటాయించింది. పాత ఫాంట్లలో అక్షరం ముక్కలు కంటికి కనపడే వరుసలో ఉంటాయి. యూనికోడ్‌లో పలికే వరుసలో ఉండాలి. ఒకదాన్నించి ఇంకోదానికి మార్చేటప్పుడు క్రావడి పక్క అక్షరానికి అతుక్కోవచ్చు, వత్తు ఊడిపోవచ్చు, అను ఒక వెర్షన్‌లో కొట్టినది ఇంకో వెర్షన్‌దనుకుని మారిస్తే అక్షరాలే తారుమారు కావచ్చు. ఓ తెలుగు మాస్టారి వ్యాకరణ పుస్తకం నేను అలాగే మార్చాను. పైపైన నాలుగు పేజీలు చూసి, బాగుందనుకుని అసలు ఫైలు తీసేశాను. రెండేళ్లకు వాళ్లబ్బాయి రెండో ముద్రణకు వచ్చాడు. అప్పటికి మాస్టారు లేరు. పుస్తకం నిండా క్రావడులు చెదిరిపోయి ఉన్నాయి. ఉదాహరణల్లో ఏది ఆయన కావాలని రాసిన రూపమో, ఏది నా యంత్రం చేసిన తప్పో చెప్పగలిగినవాళ్లు లేరు. మొదటి ముద్రణ ప్రతి ఒకటి వెతికి తెచ్చి, మొత్తం మళ్లీ కొట్టాను. డబ్బు తీసుకోలేదు, తీసుకునే ముఖం లేదు.

అందుకే ఒక్కో ఫైలుకూ మూడు రూపాలు ఉంచండి: అసలు పేజ్‌మేకర్ ఫైలు, దాని పీడీఎఫ్, ప్రూఫు చూసిన యూనికోడ్ పాఠం. పీడీఎఫ్ ఉంటే అసలు పేజీ ఎలా ఉండేదో కంటితో పోల్చుకోవచ్చు. పాత డీబీఎఫ్ ఫైళ్లలో ఫాక్స్‌ప్రో లెక్కలున్న చిట్‌ఫండ్‌లకు, సొసైటీలకు ఇంత కష్టం లేదు. లిబ్రే ఆఫీస్ వాటిని నేరుగా తెరుస్తుంది.

మీ ఊళ్లో మూతపడిన డీటీపీ సెంటర్ ఒకటైనా ఉంటుంది. దాని సీపీయూ పాత సామాన్ల బండి ఎక్కకముందే వెళ్లి అడగండి. ఆ ఇంటివాళ్ల అనుమతితో డిస్క్ ఇమేజ్ తీయండి, అందులోని పుస్తకాలు ఎవరివో కనుక్కుని వాళ్లకో, వాళ్ల పిల్లలకో చేర్చండి. ఆ డిస్కులు ఇంకా ఎన్నేళ్లు తిరుగుతాయో ఎవరూ చెప్పలేరు. ఈ ఆదివారమే వెళ్లండి.