గ్రామాభివృద్ధి కమిటీ పెద్దమనుషులకు ఊరి కోడలు రాయునది

మహారాజశ్రీ గ్రామాభివృద్ధి కమిటీ అధ్యక్షులవారికి, కులానికొకరు చొప్పున కుర్చీల్లో కూర్చునే పటేండ్లకు, కాకలకు, బావలకు,

ఆర్మూర్ చుట్టుపక్కల ఒక ఊరి కోడలు దండం పెట్టి రాసుకునేది. ఊరి పేరు కావాలనే రాయలేదు. రాస్తే మా ఊరి కమిటీ ఒక్కటే నొచ్చుకుంటుంది. రాయకపోతే డివిజన్లో ఉన్న కమిటీలన్నీ ‘ఇది మన గురించే’ అనుకుంటాయి. అట్లా అనుకోవాలనే నా కోరిక.

ముందు మీ చిరునామాతోనే చిక్కొచ్చింది. ఉత్తరం ఏ హోదాకు రాయాలో తెలుసుకుందామని చట్టాలు తిరగేశాను. 73వ రాజ్యాంగ సవరణలో గ్రామసభ ఉంది. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టంలో సర్పంచ్ ఉన్నారు, ఉపసర్పంచ్ ఉన్నారు, వార్డు సభ్యులున్నారు, రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలన్న మాటా ఉంది. ఆర్మూర్ పట్నం సంగతి చూద్దామంటే 2019 మున్సిపల్ చట్టంలో వార్డుకు నాలుగేసి కమిటీలు రాశారు: యువతకొకటి, మహిళలకొకటి, వయసు మళ్లినవారికొకటి, ప్రముఖులకొకటి. మీరు మాత్రం ఏ పేజీలోనూ లేరు. ఎక్కడా కనిపించకుండా అంతటా ఉండటం ఆర్మూర్ సిద్ధులగుట్ట మీది నవనాథుల తర్వాత మీకే చెల్లింది.

మీరు లేరని అనడానికి నాకు నోరు రాదు. పొద్దున లేస్తే మీరే. వీధిలైటు పోయిందని పంచాయతీ కార్యదర్శికి చెబితే ‘ఫండ్స్ రావాలమ్మా’ అంటాడు. మీలో ఒకరి చెవిన వేస్తే దీపాలు పెట్టే వేళకు కొత్త బల్బు వెలుగుతుంది. మక్క చేన్లను పీల్చి పిప్పి చేస్తున్న కోతుల్ని పట్టించింది మీరు. నాలుగు తొవ్వల కాడ సీసీ కెమెరాలు పెట్టించింది మీరు. బడిలో లెక్కల సారు లేక పిల్లలు ఆగమైతుంటే జీతమిచ్చి ఒకమ్మాయిని పెట్టించింది మీరే. దుబాయి నుంచి కొడుకు వచ్చేదాకా తండ్రి శవాన్ని ఉంచడానికి ఫ్రీజర్ డబ్బా కొని పెట్టారు చూడండి, దానికి మాత్రం నిజంగానే మీకు దండం. గల్ఫ్‌కు పోయిన కొడుకులున్న ఊరికి ఏది కావాలో ఏ సర్కారు పథకానికీ తట్టలేదు, మీకు తట్టింది.

మన తట్టు ఊళ్లు ఒక్క మాట మీద నిలబడితే ఏమవుతుందో దేశమంతా చూసింది. 2019 పార్లమెంటు ఎన్నికల్లో పసుపు బోర్డు కోసం, పసుపుకూ ఎర్రజొన్నకూ గిట్టుబాటు ధర కోసం 178 మంది రైతులు నిజామాబాద్‌లో నామినేషన్లు వేసి బరిలో నిలిచారు. ఊళ్లల్లో చందాలు పోగేసి డిపాజిట్లు కట్టారు. మొత్తం 185 మంది అభ్యర్థులయ్యేసరికి ఒక్కో పోలింగ్ బూతులో పన్నెండేసి ఓటింగ్ మిషన్లు వరసగా పెట్టాల్సి వచ్చింది. 2025 సంక్రాంతి నాడు జాతీయ పసుపు బోర్డు మొదలైంది, దాని ప్రధాన కార్యాలయం నిజామాబాద్‌కే వచ్చింది. అదంతా ఆ నామినేషన్ల వల్లనే వచ్చిందని నేననను, కానీ ఢిల్లీకి ఆర్మూర్ ఎక్కడుందో తెలిసింది మాత్రం ఆ ఏడాదే. అంకాపూర్ సంగతి చెప్పనే అక్కర్లేదు. నాటుకోడి కూరతో పేరు మోసినా, విత్తనాల వ్యాపారంతో ఎదిగినా, ఊరంతా కూడి నడవడం అక్కడి వాళ్లకు అలవాటని బయటివాళ్లు వచ్చి చూసిపోతుంటారు. కాబట్టి ఊరు కూడి మాట్లాడుకోవడం తప్పని నేను రాయబోతున్నానని అనుకోకండి.

నేను రాయబోయేది వేలంపాట గురించి.

ప్రతి ఏడాదీ కమిటీ భవనం ముందు టెంటు వేస్తారు. ముందురోజు డప్పు మీద సాటింపు వేసేవారు, ఇప్పుడు ఆటోకు మైకు కడుతున్నారు, వాట్సప్‌లో కూడా వస్తోంది. ఊళ్లో చికెన్ ఎవరు కొయ్యాలి, వాగు ఇసుక ఎవరి ట్రాక్టర్లు తోలాలి, అన్నింటికంటే ముఖ్యంగా బెల్టుషాపు ఎవరు నడపాలి, ఇవీ పాటలు. బెల్టుషాపే చట్టానికి లేదు, కమిటీ కూడా చట్టానికి లేదు, కాబట్టి లేనివాళ్లు లేనిదాన్ని వేలం వేస్తే ఎక్సైజోళ్లకు అభ్యంతరం ఏముంటుంది? పోయినసారి నేను మా ఇంటి అరుగు మీద చాట ఒడిలో పెట్టుకుని బీడీలు చుడుతూ పాటంతా విన్నాను. ‘ఒకటోసారీ... రెండోసారీ...’ అంటుంటే కుర్చీలు గరగర జరుగుతున్నాయి. ఒకాయన లక్షల్లో పాడుతున్నాడు. పాడేవాడి చేతిలో గుట్కా ప్యాకెట్, పాడించే కాక చేతిలో మైకు. మూడోసారికి బల్ల మీద చరిచారు. చప్పట్లు కొట్టారు. ఎవరి చేతిలోనూ ఒక్క కాగితం ముక్క లేదు.

ఆ లక్షలు ఎక్కడినుంచి వస్తాయో మీకు తెలియంది కాదు, అయినా నాకు తెలిసినట్లు చెప్తాను. పాట పాడినాయన దానకర్ణుడు కాదు. ఏడాదిలోపు పెట్టింది రాబట్టుకోవాలి, పైన మిగుల్చుకోవాలి. ఊళ్లో ఇంకెవరూ అమ్మకూడదని మీరు ఆయనకు మాటిచ్చారు. ఇంక క్వార్టర్ సీసా మీద కంపెనీ అచ్చేసిన ధర ఒకటి, మన ఊరి ధర మరొకటి. ఆ రెండింటికీ తేడా ఇరవై రూపాయలే అనుకోండి. రోజుకో క్వార్టర్ తాగే మనిషున్న ఇల్లు ఏడాదికి 7,300 రూపాయలు కమిటీకి కట్టినట్లే. మా ఇంటి పన్ను అందులో పదో వంతు కూడా లేదు. ఇంటి పన్ను కట్టకపోతే నోటీసు వస్తుంది, ఈ పన్ను మాత్రం రోజూ పొద్దుగూకంగానే ఎవరూ అడగకుండానే వసూలవుతుంది. ఊరి మొగదల కట్టిన కమాను మీద ‘గ్రామాభివృద్ధి కమిటీ సౌజన్యంతో’ అని పాలరాయి వేయించారు. నన్నడిగితే ఆ రాయి మీద ఉండాల్సినవి తాగేటోళ్ల పెండ్లాల పేర్లు. దాతలు వాళ్లే.

ఇప్పుడు అసలు మాట. మీలో పసుపు వేయని ఇల్లు లేదు. తవ్వి, ఉడకబెట్టి, కల్లంలో ఎండబెట్టి, డ్రమ్ములో పాలిష్ పట్టించి నిజామాబాద్ యార్డుకు తోలతారు. 2016లో ఈ-నామ్ మొదలైన తొలి మార్కెట్లలో మన నిజామాబాద్ ఒకటి. అక్కడ కాడి కొమ్ములకు వేరే, గోల దుంపలకు వేరే రాశి పోస్తారు. లాటుకు నంబరు వేస్తారు. తూకమెంత, రేటెంత, హమాలీ ఎంత, చేతికొచ్చేదెంత, అన్నీ రాసిన తక్‌పట్టీ చేతిలో పడితే గాని మీరు బండి కదలనివ్వరు. తరుగు కిలో ఎక్కువ తీస్తే, వ్యాపారులు కూడబలుక్కుని ధర దించితే, పాట ఆపి రోడ్డు మీద కూర్చునేదీ మీరే. ఇక్కడ రేటు నచ్చక సాంగ్లీ దాకా లారీ తోలినప్పుడు కూడా పట్టీ లేకుండా వెనక్కొచ్చిన రైతును నేను చూడలేదు. ఒక బస్తా పసుపుకు ఇంత పట్టుబట్టే పెద్దమనుషులు ఊరి మొత్తాన్ని పాటలో పెట్టినప్పుడు ఒక్క చిట్టీ కూడా ఎందుకు రాయరు? యార్డులో మీ జేబులోకి రావాలి, ఊళ్లో మా జేబుల్లోంచి పోవాలి, ఆ తేడానేనా?

లెక్కలు రాయడం ఆడవాళ్లకు చేతకాదని ఒకసారి ఒక బావ అన్నాడు. మా పొదుపు సంఘం పుస్తకం తెచ్చి చూపిస్తాను. వేలిముద్ర వేసే అత్తమ్మ నుంచి డిగ్రీ చదివిన కోడలి దాకా అందరి పొదుపూ, అప్పూ, మిత్తీ అందులో ఉంటాయి. మీటింగుకు ఆలస్యంగా వస్తే కట్టే జుర్మానా కూడా రాస్తాం. పోయిన నెల చిల్లర తేడా వచ్చింది. ఆ పది రూపాయలు దొరికేదాకా సంఘం లెక్కలు రాసే వీవోఏను ఇంటికి పోనివ్వలేదు. బ్యాంకువాళ్లు మాకు అప్పిచ్చేది మా మొహాలు చూసి కాదు, తీర్మానం పుస్తకం చూసి. మీ తీర్మానం పుస్తకం ఎక్కడుందో, అసలు ఉందో లేదో మా సంఘంలో ఎవరికీ తెలియదు.

పైగా మీ భవనం మెట్లు మా కాళ్లకు అలవాటు లేదు. చట్టం స్థానిక సంస్థల్లో సగం సీట్లు ఆడవాళ్లకిచ్చింది. ఆడమనిషి సర్పంచ్‌గా గెలిచింది, గెలిచిన రోజు మెడలో దండలు వేశారు. తెల్లారి కమిటీలో కూర్చున్నది ఆమె పెనిమిటి. ఆయనకూ ఓటుండదట, ‘అడిగితే చెప్పాలె’ అట. ఎన్నికల ముందు సర్పంచ్ పదవికే పాట పెట్టి, ఎవరు ఎక్కువ పాడితే వాళ్లను ఏకగ్రీవం చేసిన ఊళ్ల సంగతి పేపర్లలో వస్తూనే ఉంటుంది. ఎన్నికల కమిషన్ అది నేరమని ప్రతిసారీ చెబుతూనే ఉంటుంది. ఏకగ్రీవం అంటే గొంతు ఒక్కటవ్వడమేనా, లేక మిగతా గొంతుల్ని నొక్కడమా అన్న అనుమానం నాకు రాకూడదనే అనుకుంటాను.

ఆ అనుమానం ఎందుకొచ్చిందో కూడా చెప్పాలి. మా వాడలో ఒకాయన రెండేళ్ల కింద గుడి ముందు నిలబడి ఒక్క ప్రశ్న అడిగాడు. ‘కాక, పోయినేడు పాట పైసలు ఏమైనయ్? లెక్క సూపెట్టుండ్రి.’ అంతే. వారంలో జుర్మానా పడింది. కట్టనన్నాడు. ఆయన్ను వెలివేసినట్లు సాటింపు వేశారు. కిరాణా దుకాణంలో ఉప్పు ప్యాకెట్ ఇవ్వలేదు. మంగలి రాలేదు. బంధువుల ఇంట్లో పెండ్లికి పిలిచి, తర్వాత ఫోన్ చేసి ‘నువ్వొస్తే మాకు జుర్మానా పడ్తది బాపూ’ అన్నారు. ఇవన్నీ ఓర్చుకున్నాడు. సరిగ్గా అప్పుడే పసుపు తవ్వించి కుప్ప పోశాడు. పసుపు ఉడకబెట్టే బాయిలర్ ఆయనకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. వేరే ఊరి బాయిలర్ వస్తానని తొవ్వ నడుమ నుంచి తిరిగిపోయింది. తవ్విన పసుపు ఎక్కువ రోజులు పచ్చిగా ఉంటే రంగు చెడుతుంది, తూకం పోతుంది. అది మీకు తెలుసు కాబట్టే ఆ అదను చూసుకున్నారు. చివరికి ఆయన జుర్మానా కట్టాడు, గుడి మెట్ల మీద తప్పొప్పుకున్నాడు. రశీదు అడగలేదు. అడిగే ధైర్యం అప్పటికి మిగల్లేదు.

మన జిల్లా హద్దు దాటితే మహారాష్ట్ర. అక్కడ సంఘ బహిష్కరణ నేరమని 2016లోనే ప్రత్యేక చట్టం చేశారు. దళితులను, గిరిజనులను బహిష్కరిస్తే దేశంలో ఎక్కడైనా అట్రాసిటీ చట్టం కింద కేసవుతుంది. మన జిల్లాలోనూ ఇలాంటివి పోలీస్ స్టేషన్ మెట్లెక్కాయి, కోర్టు దాకా పోయాయి. ఊళ్లో శాంతి కోసమే చేశామని మీరంటారు. ఊరు చప్పుడు లేకుండా ఉన్న మాట నిజమే, ఆయన పసుపు కుప్ప దగ్గర కూర్చున్న రోజుల్లో నిజంగానే చప్పుడు లేదు. మీలో చాలామంది మంచివాళ్లు. ఒక్కొక్కరుగా వచ్చి ‘పాపం, అట్ల చెయ్యొద్దుండె’ అని నాతోనే అన్నారు. పదిమంది మంచివాళ్లు బల్ల చుట్టూ కూర్చుంటే ఆ మాట ఒక్కరి నోట్లోంచీ ఎందుకు రాదో మీరే చెప్పాలి.

కమిటీ మూసేయమని నేను అడగను. మీరు మూసేస్తే తెల్లారి వీధిలైటు కోసం కార్యదర్శి చుట్టూ తిరగాల్సింది నేనే. నాకు కావాల్సింది చాలా చిన్నది. పాట పైసలు ఎంత వచ్చాయి, కమానుకెంత, కోతులకెంత, టీచరమ్మ జీతానికెంత అన్నది కమిటీ గోడ మీద ఎవరైనా చదవగలిగేటంత అక్షరాలతో రాయించండి. రాయడానికి మనిషి లేడంటే మా వీవోఏ వస్తుంది. బెల్టుషాపు పాట తీసేస్తే ఆదాయం పోతుందంటారా, సరే, ఊరందరి ముందు ఇంటికింత అని చందా అడగండి. మా సంఘం ముందుగా ఇస్తుంది. తాగేటోడి సీసాలోంచి దొంగచాటుగా గుంజుకునే బదులు నా చేతిలోంచి నేరుగా తీసుకోండి, తీసుకున్నట్లు రాసివ్వండి. కుర్చీల్లో కొన్ని మాకూ వెయ్యండి. మేము వస్తే అరవం, కావాలంటే బీడీలు చుట్టుకుంటూ కూర్చుంటాం. ఇక జుర్మానా అన్నది ఊరి పైసలు తిన్నవాడి మీద వేస్తారా, అడిగినవాడి మీద వేస్తారా అన్నది మీరే తేల్చుకోండి.

ఈ ఉత్తరం రాసినందుకు నాకూ జుర్మానా తప్పదని మా ఆయన రాత్రి నుంచి నిద్రపోలేదు. మీకు శ్రమ లేకుండా ఒక ఏర్పాటు చేశాను. ఆర్మూర్ బస్టాండ్ పక్క దుకాణంలో వంద కాగితాల రశీదు పుస్తకం కొన్నాను, కార్బన్ పేపర్‌తో సహా. రేపు పొద్దున మా చిన్నోడితో కమిటీ భవనానికి పంపిస్తాను. ఎంత వేస్తారో వేయండి, బీడీల పైసలు వచ్చిన రోజే తెచ్చి కడతాను. మొదటి రశీదు నా పేరు మీద రాయండి. అధ్యక్షులవారి సంతకం దాని మీద పూర్తి పేరుతో, తేదీతో ఉండాలి.

ఇట్లు,
మీ ఊరి కోడలు
(పొదుపు సంఘం సభ్యురాలు)