చీటి మీది గంట – టీకా తాత్పర్య సహితం

ఆ. గన్నవరము విడిచి గాలిలో నెగిరిన
భాగ్యనగర మనఁగ బారెడంత
నాల్గు గంటలౌను నడకలఁ గలిపిన
చీటి మీది గంట చెల్లదయ్య

ప్రతిపదార్థం: గన్నవరము = బెజవాడకు ఇరవై కిలోమీటర్ల అవతల, ఏలూరు రోడ్డు మీదున్న విమానాశ్రయాన్ని; విడిచి = వదిలి; గాలిలోన్ = ఆకాశమార్గాన; ఎగిరినన్ = ఎగిరితే; భాగ్యనగరము = హైదరాబాదు (శంషాబాదు అని గ్రహించాలి; ఆ పేరు ఆటవెలది రెండో పాదంలో ఇమడక కవి పక్కకు తప్పుకున్నాడు); అనఁగన్ = అన్నది; బారెడంత = రెండు చేతులూ చాపినంత దూరమే; నడకలన్ = ఇంటి గడప నుంచి ఇంటి గడప దాకా నేల మీద పడే పాట్లన్నిటినీ; కలిపినన్ = కలిపితే; నాల్గు గంటలు ఔను = నాలుగు గంటలవుతుంది; చీటి మీది గంట = టికెట్టులో వేసిన గంట; చెల్లదు = లెక్కకు రాదు; అయ్య = ఓ ప్రయాణికుడా!

తాత్పర్యం: స్పష్టం.

విశేషాలు: 'బారెడంత' అన్నది అతిశయోక్తి కాదు. రెండు విమానాశ్రయాల మధ్య గాలిదూరం దాదాపు 265 కిలోమీటర్లు. ఏటీఆర్ లాంటి చిన్న విమానమైనా పైకి చేరాక గంటకు సుమారు 500 కిలోమీటర్ల వేగంతో పోతుంది. అంటే అరగంట పని. మరొక చమత్కారం: హైదరాబాదు బెజవాడకు పడమర, గన్నవరం తూర్పువైపు. విమానం ఎక్కాలనుకున్నవాడు ముందు గమ్యానికి వీపు చూపించి బయల్దేరాలి. ఇది విరోధాభాసం.

శంక: అరగంట పనికి చీటిలో గంటా, గంటా పది నిమిషాలు వేయడమెందుకు?

సమాధానం: చీటి లెక్క రెక్కలది కాదు, చక్రాలది. చక్రాలకు అడ్డుపెట్టిన దిమ్మలు తీసిన క్షణం నుంచి, అవతల మళ్లీ పెట్టే క్షణం దాకా కాలమంతా అందులో జమ. రన్‌వే దాకా పాకడం, వంతు కోసం ఆగడం, పైకి లేవడం, శంషాబాదు దగ్గర దిగడానికి చుట్టు తిరగడం, ఆలస్యమైనా సమయానికే చేరామనిపించుకోవడానికి కంపెనీలు కలుపుకునే కాస్త వెసులుబాటు, అన్నీ దాంట్లోనే. ఇక కౌంటరు సాధారణంగా గంట ముందే మూసేస్తారు. చీటిలో ఎంతసేపో, ఎగరబోతున్నామని కూర్చోవడానికీ అంతసేపు!

అర్థాంతరం: 2008 మార్చికి ముందైతే 'భాగ్యనగరము' అంటే బేగంపేట అనే అర్థం చెప్పుకోవాలి. అప్పుడు విమానం ఊరి నడుమనే దిగేది గనుక 'నడకలు' కొన్నే. శంషాబాదుకు మారాక అవి పెరిగి, మూడో పాదానికి బలం వచ్చింది. ఇక్కడ కొందరు 'పుష్పకం' ప్రస్తావన లేదేమని ఆక్షేపిస్తారు. కుబేరుడి పుష్పకం విమానమే గాని, శంషాబాదు పుష్పక్ ఆర్టీసీ బస్సు. కనుక అదీ నడకల్లోనే చేరింది.

ఫలశ్రుతి: ఈ పద్యం అందరికీ ఒకేలా ఫలించదు. శంషాబాదులో దిగి అక్కడే దుబాయికో మరో దేశానికో ఇంకో విమానం అందుకునేవారికి రెండో దఫా నడకలు తప్పుతాయి. వారు నిశ్చింతగా విమానం ఎక్కవచ్చు. దిగవలసింది ఎల్బీనగర్‌లో అయితే మాత్రం, విజయవాడ హైవే నేరుగా అక్కడికే వస్తుంది. బస్సెక్కండి.